నేను చెప్పిన పేరు

ఆ ఏడు వసంతం వచ్చేసరికి మా థార్న్‌షా లోయలో ఏ ఇంటి మేడగదిలోనూ మగ్గం చప్పుడు లేదు. నాకప్పుడు పదిహేడేళ్లు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడుకే నిద్ర లేచిన దాన్ని. అది ఆగిపోయాక తెల్లవారుతూనే మెలకువ వచ్చేది, ఇంట్లో ఎవరికో ఏదో అయిందని దిగ్గున లేచి కూర్చునేదాన్ని.

మా నాన్న ఈనస్ పికప్, అమ్మ కెజియా ఇద్దరూ నేతపని వాళ్లే. నూలు ఇచ్చి బట్ట తీసుకునే వ్యాపారి దగ్గరికి నాన్న ప్రతి శుక్రవారం మూట భుజాన వేసుకుని వెళ్లేవాడు. ఆ చలికాలం ఒక శుక్రవారం ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఇక చేతిమగ్గాలకి నూలు లేదట. కింద ఏటి ఒడ్డున కొత్తగా కట్టిన మిల్లులో ఆవిరితో నడిచే మరమగ్గాలు దిగాయి. అక్కడ ఒక్క ఆడపిల్ల రెండు మగ్గాలు చూసుకుంటూ ఇంట్లో ముగ్గురు మగవాళ్లు నేసేదాని కంటే ఎక్కువ బట్ట దించుతోందట. నాన్న ఆ సంగతి చెప్పి, మేడ మీదికి వెళ్లి, ఖాళీ మగ్గం ముందు చీకటి పడేదాకా కూర్చున్నాడు.

ఓట్స్ జావ పలచబడి పలచబడి చివరికి నీళ్లయింది. గట్ల మీద దురదగొండి ఆకు లేతది చూసి కోసుకొచ్చి ఉడకబెట్టుకున్నాం. ఫిబ్రవరిలో మా చెల్లెలు రోడా పోయింది. దానికి నాలుగేళ్లు. జ్వరం అన్నారు గానీ, జ్వరాన్ని తట్టుకునే ఒళ్లు దానికి లేదని మా అందరికీ తెలుసు.

దాన్ని పాతిపెట్టిన వారానికి నేను మిల్లుకి వెళ్లి పని అడిగాను.

ఇంట్లో ఎవరూ వెళ్లమనలేదు, వద్దనలేదు. నాన్న మాత్రం నాతో మాటలు మానేశాడు. నేను తెచ్చిన రొట్టె తినేవాడు, నా మొహం చూసేవాడు కాదు. వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి ‘ఆవిరి దొరసాని వస్తోంది, దారి ఇవ్వండే’ అని పక్కకి తప్పుకునేవాళ్లు. పక్కింటి లాట్ ఆస్డెన్, ఆయన భార్య సుసన్నా మాత్రం ఎప్పటిలాగే పలకరించేవాళ్లు. లాట్ బాబాయికి ఎవరినైనా ఆట పట్టించడం సరదా. ‘ఆ పొగంతా మింగుతున్నావు, రేపు నీకు పుట్టే పిల్లలు కాకుల్లా అరుస్తారేమో చూసుకో తబితా’ అనేవాడు. ఆ రోజుల్లో నన్ను నవ్వించింది ఆయనొక్కడే.

మిల్లులో నాకు భయం వెయ్యని గంట లేదు. నేల వణుకుతూ ఉండేది. నా తల మీదుగా మగ్గాలని తిప్పే తోలు పట్టాలు పాముల్లా జరజరా పరిగెత్తేవి. నాకు ముందు ఆ రెండు మగ్గాల దగ్గర పని చేసిన పిల్ల జుట్టు పట్టాలో చిక్కుకుందని చేరిన రోజే చెప్పారు. ఏమైందని నేనడగలేదు. గంట కొట్టగానే క్రాషా మేస్త్రీ తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకునేవాడు. మళ్లీ గంట కొట్టేదాకా లోపలి వాళ్లు లోపలే.

ఏప్రిల్ చివరలో ఒక బుధవారం మధ్యాహ్నం, ఇంజను ఆగిపోయింది.

పని వేళలో అది ఆగడం నేనెప్పుడూ ఎరగను. పట్టాలు నెమ్మదించి నిలిచిపోయాయి. నలభై మంది ఆడపిల్లలం ఒకరి ఊపిరి ఒకరికి వినిపించేంత నిశ్శబ్దంలో నిలబడ్డాం. అప్పుడు దూరంగా కొండ మీది బాటలోంచి ఒక చప్పుడు వినపడింది. మొదట వడగళ్లేమో అనుకున్నాను. కాదు. రాళ్ల బాట మీద చెక్క బూట్ల చప్పుడు. వందల జతలు. పాటలు లేవు, కేకలు లేవు. ఆ చప్పుడొక్కటే దగ్గరవుతూ వస్తోంది.

క్రాషా మేస్త్రీ పెద్ద తలుపుకి అడ్డకర్ర బిగించాడు. సైనికుల కోసం కబురు వెళ్లిందనీ, ఎవరి మగ్గం దగ్గర వాళ్లు నిలబడాలనీ, కదిలితే పని పోతుందనీ చెప్పి, తను మాత్రం బాయిలరు గది వైపు వెళ్లిపోయాడు. మళ్లీ కనిపించలేదు.

తలుపు మీద మొదటి దెబ్బ పడగానే నా పక్కనున్న పిల్ల కిందికి వంగి మగ్గం కింద దూరింది. నేను నా మగ్గం ముందే నిలబడిపోయాను. నాలుగు దెబ్బలకి పలకలు చీలాయి. వెలుగుతో పాటు జనం లోపలికి వచ్చారు. మగవాళ్లు, ఆడవాళ్లు, అందరూ నాకు తెలిసిన మొహాలే. ఆకలికి ఎండిపోయి, ఏ ఒక్కటీ ఎప్పుడూ చూసినట్టు లేదు.

ముందు వరసలోనే మా అమ్మ ఉంది.

మా అమ్మ కట్టేసి ఉన్న ఎద్దుని చూసినా భయపడి చుట్టు తిరిగి పోయే మనిషి. ఆమె చేతిలో కమ్మరి కొట్టులోని సమ్మెట ఉంది. వరసలో మగ్గాలు చూసుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగింది. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు.

“పక్కకి జరుగు తల్లీ, పెచ్చులు కంట్లో పడతాయ్.”

నేను జరిగాను. అమ్మ సమ్మెట ఎత్తి నా మగ్గం మీద వేసింది. పోత ఇనుము గాజులా పగిలింది. రెండోదాన్ని కూడా అలాగే పగలగొట్టింది. పడుగు దారాలు తెగి ముడుచుకుపోతుంటే ఒక్క క్షణం అలవాటు కొద్దీ వాటిని చేత్తో సర్దబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత పక్క వరసకి వెళ్లింది. పావుగంటలో ఆ గదిలో నిలబడి ఉన్న మగ్గం ఒక్కటీ లేదు.

గుర్రాల మీద సైనికులు వచ్చేసరికి జనం ఏటి వంతెన దగ్గరున్నారు. మేజిస్ట్రేటు చెదిరిపొమ్మని ఒక కాగితం చదివాడు. ఎవరికీ వినపడలేదు. ఎవరో రాళ్లు విసిరారు. తుపాకులు పేలాయి. నేను మిల్లు గోడకి అతుక్కుపోయి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వంతెన మీద ఇద్దరు పడి ఉన్నారు. ఒకడు కొండ అవతలి ఊరివాడు. రెండో మనిషి లాట్ బాబాయి. పిల్లలతో వంతెన మీదికి చూడటానికి వెళ్లిన సుసన్నాని ఇంటికి లాక్కుపోదామని వచ్చాడాయన.

మర్నాటి నుంచి పోలీసులు ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టారు. మా వీధి చివరి ఇంట్లో అన్నదమ్ములిద్దరినీ కట్టి బండి ఎక్కించారు. యంత్రాలు పగలగొట్టిన వాళ్లకి ఉరి అని చర్చి తలుపుకి కాగితం అంటించారు. క్రాషా మేస్త్రీ మా ఇంటికి వచ్చి, నిలబడే, ఆ మాటతో పాటు ఇంకోటి చెప్పి వెళ్లాడు. మిల్లు పిల్లలందరూ మగ్గం వరస ప్రకారం మేజిస్ట్రేటు ముందుకి రావాలట. ఎవరి మగ్గం ఎవరు పగలగొట్టారో బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పాలట. చెప్పని వాళ్లు దొంగలతో కలిసినట్టే లెక్క. నా వంతు సోమవారం.

అతను మాట్లాడుతున్నంతసేపూ అమ్మ చేతులు నడుముకి కట్టుకున్న గుడ్డ కింద పెట్టుకుని కూర్చుంది. అరచేతుల్లో బొబ్బలు పగిలి రసి కారుతున్నాయి.

నాలుగు రోజులు. వీధిలో ఏ అడుగు చప్పుడైనా మేం ముగ్గురం తినడం ఆపేసేవాళ్లం. దాటి వెళ్లిపోయాక కూడా వెంటనే చెయ్యి నోటికి వెళ్లేది కాదు. ఆదివారం ప్రార్థనలో పాస్టరు ‘నిజం’ అనే మాట అన్నప్పుడల్లా నా చెవులు వేడెక్కిపోయాయి. ఆ సాయంత్రం అమ్మ నీళ్లకి వెళ్లినప్పుడు నాన్న నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. రెండు నెలల తర్వాత నాతో మాట్లాడటం అదే.

“నా పేరు చెప్పు.”

“నువ్వు రాలేదుగా నాన్నా.”

“రాలేదు. బొగ్గుల గదిలో దాక్కున్నా. భయమేసింది. మీ అమ్మ వెళ్తోందని తెలుసు, అయినా దాక్కున్నా. అందుకే చెప్తున్నా, నా పేరు చెప్పు.”

సరేనన్నాను. రాత్రంతా మనసులో ఆ పేరు అనుకుంటూ అలవాటు చేసుకున్నాను.

సోమవారం పొద్దున సత్రం మేడ మీద గదిలోకి నన్ను పిలిచారు. చలిమంట మండుతోంది. మేజిస్ట్రేటు పెద్దాయన. గద్దిస్తాడనుకున్నాను, గద్దించలేదు. చలికి వచ్చావు, మంట దగ్గరికి రమ్మన్నాడు. దానికి ఇంకా భయం వేసింది. క్రాషా మేస్త్రీ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. పుస్తకం మీద నా చెయ్యి పెట్టించారు.

“బెదిరిపోకు అమ్మాయ్. ఒక్క పేరు చెప్పి వెళ్లిపో.”

నాన్న పేరు నాలుక మీదే ఉంది. కిటికీలోంచి జైలు బండి కనపడింది. ఆ బండిలో నాన్నని ఊహించుకున్నాను. ఆ తర్వాత అమ్మని. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

“లాట్ ఆస్డెన్,” అన్నాను.

చచ్చిపోయిన మనిషి. ఇక ఆయన్ని ఎవరేం చేస్తారు అనుకున్నాను. గుమాస్తా రాసుకున్నాడు. రెండు మగ్గాలూ ఆయనేనా అంటే అవునన్నాను. మెట్లు దిగుతుంటే నాకు గుర్తొచ్చింది. క్వారీలో పడ్డప్పటి నుంచి లాట్ బాబాయి కుడిచెయ్యి ఛాతీ పైకి లేవదు.

ఇంటికొచ్చి నాన్నతో, ఆయన పేరే చెప్పానని అబద్ధమాడాను. ఆయన పోలీసుల కోసం ఉతికిన చొక్కా వేసుకుని వాకిట్లో కూర్చున్నాడు. అమ్మ మాత్రం తన పేరే చెప్పమని పొద్దున నాతో అంది కాబట్టి, తన కోసమే వస్తారని శాలువా దగ్గర పెట్టుకుంది. రెండు రోజులు ఎవరూ రాలేదు.

మూడో రోజు సుసన్నా వచ్చింది. చంకలో చిన్నది, పక్కన పెద్దది.

లాట్ సైనికుల తుపాకీకి పొరపాటున పోయాడు కాబట్టి ఊరి చర్చి వాళ్లు వారానికింత పిండి ఇస్తామన్నారట. ఆ పొద్దున వెళ్తే ఇవ్వం అన్నారట. దొమ్మీ చేసి చచ్చినవాడి పెళ్లానికి పిండి లేదు, పిల్లలతో పేదల శరణాలయానికి పొమ్మన్నారట. అక్కడ తల్లిని ఒక చోట, పిల్లల్ని ఒక చోట పెడతారు. ఆయన పేరు ఇచ్చింది ఎవరో కూడా వాళ్లే చెప్పారట. ఆమె ఇదంతా ఏడవకుండా చెప్పింది. ఆమె చూపు నా మీద నుంచి కదల్లేదు.

“ఆయన జుట్టు కూడా నేనే దువ్వేదాన్ని తబితా. చెయ్యి లేవదని నీకు తెలుసుగా. ఆయన పేరెట్లా చెప్పావే?”

అమ్మ నా వైపు తిరిగింది. నాన్న వాకిట్లోంచి లేచి గుమ్మంలోకి వచ్చాడు. నేను అవునని తల ఊపాను.

అమ్మ నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె శాలువా తీసుకుని కప్పుకుంది, బూట్లు తొడుక్కుంది. బొబ్బల చేతులకి తాళ్లు చిక్కకపోతే, నాన్న మోకాళ్ల మీద కూర్చుని కట్టాడు. నేను వెళ్తానని నాన్న అన్నాడు. అబద్ధం మీద ఇంకో అబద్ధం వద్దంది అమ్మ.

“పొయ్యి మీద జావ ఉంది, పిల్లలకి పొయ్యి సుసన్నా. నేను సత్రం దాకా వెళ్లొస్తా.”

వెళ్లొస్తానంది. రాలేదు.

నేను వెనకే పరిగెత్తాను గానీ మేడ మీదికి రానివ్వలేదు. ఆమె ఏం చెప్పిందో తర్వాత గుమాస్తా వల్ల తెలిసింది. రెండు మగ్గాలూ తనే పగలగొట్టాననీ, తన కూతురు మగ్గం కింద దాక్కుని ఏమీ చూడలేదనీ, భయంతో ఏదో పేరు చెప్పిందనీ, దానికి బుర్ర తక్కువనీ చెప్పిందట. అరచేతులు చాపి చూపించిందట. దొంగ ప్రమాణానికి నన్ను పట్టుకోకుండా ఆ మాటలే కాపాడాయి. అయినా ఆ తర్వాత చాలా ఏళ్లు, ఎవరు తలుపు తట్టినా ముందు వెనక వాకిలి వైపే చూసేదాన్ని.

ఆగస్టులో లాంకాస్టర్ కోటలో విచారణ జరిగింది. మొదట ఉరి అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాన్న చేతిలోని టోపీని పిండేస్తున్నాడు, నీళ్లు కారేలా ఉంది. పది రోజుల తర్వాత శిక్ష మార్చి, సముద్రం అవతలి ఖైదీల దేశానికి పంపి బతికున్నంత కాలం అక్కడే ఉంచుతామన్నారు. ఓడ ఎక్కించే ముందు చూడనివ్వలేదు. సుసన్నాకి పిండి మళ్లీ ఇచ్చారు.

ఆకులు రాలే కాలానికి మిల్లులోకి కొత్త మగ్గాలొచ్చాయి, పాతవాటి కంటే బలమైనవి. నన్ను పిలిచారు. వెళ్లాను. మరుసటి ఏడు సుసన్నా కూడా వచ్చింది. ఆ హోరులో మాట వినపడదు, పెదవులు చూసి మాట్లాడుకోవడమే. తెగిన దారం గురించో, మేస్త్రీ వస్తున్నాడనో చెప్పుకునేవాళ్లం. అంతకు మించి ఆమె నాతో ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

మూడో ఏడు ఒక ఉత్తరం వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ చదువు లేదు. ఆదివారం బడిలో కాస్త నేర్చుకున్నది మా వీధి మొత్తానికి సుసన్నా ఒక్కతే. అరగంట గుమ్మం ముందు నిలబడి, చివరికి తలుపు తట్టాను. ఆమె ఉత్తరం తీసుకుని వెలుగులోకి వచ్చి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. అమ్మ బతికే ఉంది. ఎవరి ఇంట్లోనో బట్టలు ఉతుకుతోంది. అక్కడ చలి లేదట. నాన్న దగ్గు ఎలా ఉందని అడిగింది. నాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. చివర్లో సుసన్నా పిల్లలు ఎలా ఉన్నారు, మిల్లుకి మాత్రం పంపొద్దని చెప్పు అని రాయించింది.

ఆ ముక్క చదివి సుసన్నా ఉత్తరం మడిచింది. తర్వాత లోపలికి వెళ్లి సిరాబుడ్డి, కలం తెచ్చుకుని బల్ల ముందు కూర్చుంది.

“పెద్దది కిందటి వారమే మిల్లులో చేరిందని రాద్దాం,” అంది. “మీ నాన్న సంగతి ఎట్లా రాయాలో నువ్వు చెప్పు.”