మాటల రిజిస్టరు

ఆ సెలూన్ ఆయన్ని వీధిలో ఎవరూ అసలు పేరు పెట్టి పిలిచేవారు కాదు. అందరికీ ఆయన రేడియో. పొద్దున్నే తలుపు తీసింది మొదలు సాయంత్రం తాళం వేసేదాకా ఆ నోటికి విరామం ఉండేది కాదు. తను మాట్లాడటమే కాదు, కుర్చీలో కూర్చున్నవాళ్ళ చేత కూడా మాట్లాడించేవాడు. మెడచుట్టూ తెల్లగుడ్డ కట్టి, రెండుసార్లు అటూ ఇటూ దువ్వేసరికి ఎంతటి ముభావి అయినా ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టేవాడు.

సెలూన్ చిన్నదే. రెండు కుర్చీలు, ఎదురుగా పొడుగాటి అద్దం, గోడవారగా ఒక బల్ల. ఆ బల్ల మీద జుట్టు పెరిగినవాళ్ళే కూర్చోవాలన్న నియమం ఏమీ లేదు. మొన్ననే క్షవరం చేయించుకున్నవాళ్ళు కూడా వచ్చి గంటసేపు కూర్చుని, చేపలకి చెవులు ఉంటాయా ఉండవా అని వాదించుకుని, మనసు తేలికపడ్డాక లేచి వెళ్ళేవారు.

రెండేళ్ళుగా మున్సిపల్ ఆఫీసు నుంచి ఉత్తర్వుల మీద ఉత్తర్వులు వస్తున్నాయి. గోడలకి తెల్లరంగే ఉండాలన్నారు, వేయించాడు. మనిషి మనిషికీ బ్లేడు మార్చాలన్నారు, అది ఆయన ఎప్పుడూ చేస్తున్నదే. అద్దం నేలకి ఇంత ఎత్తులో ఉండాలన్నారు. అద్దం దించి, మేకులు పీకి, జానెడు పైకి బిగించాడు. పొట్టివాళ్ళకి అందులో నుదురు మాత్రమే కనిపించేది. "ఆఫీసు అన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా" అని నవ్వేసేవాడు.

అలా ఉండగా ఒక సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బక్కపలచటి మనిషి, మెత్తటి మాట, భుజాన బరువైన సంచి. అందులోంచి ఆకుపచ్చ అట్ట వేసిన రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు. రేడియో తెరిచి చూశాడు. వచ్చినవారి పేరు, వచ్చిన సమయం, వెళ్ళిన సమయం. చివర వెడల్పుగా ఇంకో గడి. దాని పైన 'మాట్లాడిన విషయం' అని అచ్చువేసి ఉంది.

"ఇదేంటండీ?" అన్నాడు రేడియో.

"కొత్త ఉత్తర్వు. మీ ఒక్కరికే కాదు, ఊళ్ళో సెలూన్లన్నిటికీ. ఏం మాట్లాడుకున్నారో క్లుప్తంగా రాస్తే చాలు. నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తాను."

"ఎందుకండీ?"

"ప్రజాశాంతి కోసం అని ఉంది."

"మా సెలూన్లో అశాంతి ఏముందండీ, ఎవరికైనా తుమ్ము వచ్చినప్పుడు తప్ప."

ఇన్‌స్పెక్టరుకి నవ్వొచ్చింది. దాన్ని మింగేసి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి లెక్కల మాస్టారు వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని రేడియోతో వాదించని వారం లేదాయనకి. రిజిస్టరు చూశాడు, కళ్ళజోడు సర్దుకుని ఆ చివరి గడి చదివాడు, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "గడ్డం" అన్నాడు. లేచి వెళ్ళేదాకా మళ్ళీ పెదవి కదపలేదు.

ఆ రోజు వచ్చినవాళ్ళందరూ అంతే. మర్నాడు బల్ల సగం ఖాళీ. ఆ మర్నాడు పూర్తిగా ఖాళీ. రేడియోకి తన కత్తెర చప్పుడు మొదటిసారి వినిపించింది. ఆ చప్పుడు ఆయనకి ఏమాత్రం నచ్చలేదు. గురువారం పోస్ట్‌మన్ గడ్డం గీస్తూ చెవి కింద కాస్త గాటు పెట్టేశాడు. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ జరగనిది. "పర్లేదు బాబాయ్" అన్నాడు పోస్ట్‌మన్, పటిక రాయించుకుంటూ. రేడియో ఆ రోజు ఇంకెవరికీ గడ్డం గీయలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కలుపుతూ అలాగే కూర్చుండిపోయాడు. భార్య చూసి చూసి అంది: "అన్నిటికీ వాతావరణం అని రాసి పడేయండి. ఎండగా ఉంది, మబ్బుగా ఉంది. ఎవరు చూడొచ్చారు?"

"రాయొచ్చు. కానీ రాసేది నేనని వాళ్ళకి తెలుసు కదా. నా చేతిలో కత్తి ఉన్నా నిశ్చింతగా మెడ అప్పగించి నిద్రపోయే మనుషులు. ఇప్పుడు కలం పట్టుకునేసరికి భయపడుతున్నారు."

ఆవిడ మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపింది.

"పోస్ట్‌మన్ భార్యకి ఆపరేషను అయింది చూడు. ఆ సంగతి సొంత అన్నకంటే ముందు నాకే చెప్పుకున్నాడు, ఆ కుర్చీలో కూర్చుని."

"ఆపరేషనై రెండేళ్ళయింది. నాకూ చెప్పలేదే మీరు."

"చెప్పలేదు."

ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొచ్చే మనిషి అని ఇన్నాళ్ళూ అనుకున్న మొగుడి వంక ఆవిడ కొత్తగా చూసింది. గరిటెతో ఇంకాస్త వడ్డిస్తూ, "అయితే రాయకండి" అంది.

వాళ్ళ కూతురు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. అచ్చులో తప్పు ఉంటే ఆ పిల్ల కంట్లో నలుసు పడ్డట్టే. రిజిస్టరుతో పాటు ఇచ్చిన ఉత్తర్వు కాగితం పట్టుకెళ్ళి, దాని కింద పేర్కొన్న చట్టం పాత ప్రతిని ప్రెస్సు బీరువాలో వెతికి, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివింది.

"నాన్నా, ఇది శుభ్రత గురించిన చట్టం" అంది. "కత్తి, తువ్వాలు, నీళ్ళు, గాలి, వెలుతురు. వీటి మీద వాళ్ళు ఏం చెప్పినా మనం వినాలి. మనుషులు మాట్లాడుకునే మాటల గురించి ఇందులో ఒక్క ముక్క లేదు. నాలుగుసార్లు చూశాను."

మర్నాడు రేడియో రిజిస్టరు తెరిచి, గడులన్నీ దాటుకుంటూ పేజీ ఈ చివర నుంచి ఆ చివరకి పెద్ద అక్షరాలతో రాశాడు: 'ఇక్కడ క్షవరం చేయబడును. ఇక్కడి మాటలు మాట్లాడినవారివి. వాటిని రాసి ఇచ్చే హక్కు నాకు లేదు.' కింద సంతకం పెట్టాడు. ఆ పుస్తకం తనే ఆఫీసుకి తీసుకెళ్ళి ఇచ్చాడు.

ఇన్‌స్పెక్టరు అది చదివి తెల్లబోయాడు. "ఇలా రాస్తే విచారణకి పిలుస్తారండీ. లైసెన్సు పోవచ్చు."

"పిలవనివ్వండి. మాట్లాడటం నాకేం కొత్త కాదుగా" అన్నాడు రేడియో. అన్నాడే గానీ, మెట్లు దిగుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆ లైసెన్సు తప్ప ఆయనకి ఇంకో బతుకుతెరువు లేదు.

విచారణ పదకొండింటికి అన్నారు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆ పొద్దున కూడా సెలూన్ తెరిచాడు. మాస్టారు వచ్చి కూర్చున్నాడు. కుడివైపు కత్తిరించడం అయ్యిందో లేదో, కూతురు రొప్పుతూ వచ్చింది.

"నాన్నా, టైము మార్చేశారట. పదింటికే. పద పద."

"మాస్టారూ, మీరు ఇక్కడే కూర్చోండి, నేను ఇప్పుడే..."

"ఈ తల పెట్టుకుని ఇక్కడ ఒక్కణ్ణీ ఏం కూర్చోను? నడు, నేనూ వస్తాను" అన్నాడు మాస్టారు. మెడకి తెల్లగుడ్డ అలాగే ఉంది. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గుబురుగా ఉన్న తలతో ఆయన గంభీరంగా నడుస్తుంటే వీధిలో జనం ఊరుకుంటారా? ఏంటి సంగతి అని అడిగినవాళ్ళు అడిగినట్టే వెంట నడిచారు. టైర్లకి పంక్చర్లు వేసే ఆయన, కళ్ళద్దాల కొట్టు ఆవిడ, సైకిలు నడిపించుకుంటూ పోస్ట్‌మన్. ఆఫీసు చేరేసరికి పాతికమంది అయ్యారు.

పొడుగాటి గదిలో ఆ చివర కమిషనరు కూర్చుని ఉంది. నడివయసావిడ, ముందు ఫైళ్ళ గుట్ట. తలెత్తి చూడగానే ఆవిడ చూపు మాస్టారి మీద ఆగిపోయింది.

"ఈయనెవరు?"

"సాక్షి అండీ" అన్నాడు రేడియో. "ఇంకా సగమే పూర్తయ్యారు."

గది గొల్లుమంది. కమిషనరు పెదవి బిగబట్టుకుని, "రిజిస్టరు ఎందుకు రాయనన్నారు?" అని అడిగింది.

రేడియో తన మనసులో ఉన్నది చెప్పాడు. కూతురు ముందుకొచ్చి చట్టం తెరిచి చూపించింది. కమిషనరు ఒక్కో పేజీ తిప్పి చదివి, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"మాటల గురించి ఏ సెక్షన్లో ఉంది?"

ఇన్‌స్పెక్టరు ఫైలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "లేదు మేడమ్."

"మరి ఈ గడి ఎక్కడి నుంచి వచ్చింది?"

పక్కనున్న గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఫారం గీశాక చివర కాస్త ఖాళీ మిగిలింది మేడమ్. ఊరికే వదిలేయడం ఎందుకు, పనికొస్తుందిలే అన్నారు ఎవరో."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కమిషనరు ఆ గడి ఇంకోసారి చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి, "సరే, ఊరికే అడుగుతున్నాను. అసలు మీ సెలూన్లో ఏం మాట్లాడుకుంటారు?" అంది.

వెనక నిలబడ్డ పాతికమందీ రేడియో వైపు చూశారు. రేడియో నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"అది చెప్పలేనండి. అన్నీ మంచి మాటలే. కానీ నావి కావు."

ఆవిడ తల ఊపింది. కలం తీసి ఉత్తర్వు మీద రాస్తూ పైకి చదివింది. మాటల గడి రద్దు. పేర్లు, సమయాలు కూడా రాయక్కర్లేదు. ఊళ్ళో సెలూన్లన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఆపైన తలెత్తి, "తువ్వాళ్ళు మాత్రం రోజూ ఉడకబెట్టాలి. చెప్పకుండా మనిషిని పంపించి చూస్తాను" అంది.

"తప్పకుండా పంపించండి మేడమ్. అది మీ హక్కు, కాదనను" అన్నాడు రేడియో. దండం పెట్టబోయి, చేతిలో దువ్వెన ఉందని చూసుకుని, దాంతోనే పెట్టేశాడు.

బయటికొచ్చాక మాస్టారు ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఇంక ఒక్క అడుగు కూడా వేయను. ఇక్కడే పూర్తిచెయ్." రేడియో జేబులోంచి కత్తెర తీశాడు. చుట్టూ జనం. వారం రోజులుగా కడుపులో దాచుకున్నవన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. మాస్టారు మెడ తిప్పి మరీ వాదిస్తుంటే, "కదలకండి మాస్టారూ, ఈసారి చెవి పోతుంది" అని రేడియో బతిమాలాడు. ఆఫీసు కిటికీల్లోంచి గుమాస్తాలు తొంగిచూశారు. ఇన్‌స్పెక్టరు మెట్లు దిగి వచ్చి, తన జుట్టు ఒకసారి నిమురుకుని, వరసలో నిలబడ్డాడు.

మర్నాడు రేడియో భార్య ఉడకబెట్టి ఆరేసిన తువ్వాళ్ళు బుట్టలో పెట్టుకుని సెలూన్‌కి వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఆ గడప తొక్కడం అదే మొదలు. బల్ల మీద ఉన్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. కాసేపు విని వెళ్దామని కూర్చుంది. రెండు నిమిషాలు విన్నదో లేదో, "అలా కాదు మాస్టారూ, అసలు జరిగింది నేను చెప్తా వినండి" అని అందుకుంది.

మధ్యాహ్నం దాకా ఆవిడ ఆపలేదు. రేడియోకి ఒక్క మాట దూర్చే సందు దొరకలేదు. కత్తెర ఆడిస్తూ, అద్దంలో ఆవిణ్ణే చూస్తూ, ఒక్కడే ముసిముసిగా నవ్వుకున్నాడు.