భోజనాల క్లిప్పు

వెంకట్ డిస్కు కొనడానికి బందరు నుంచి గుడివాడ బయల్దేరాడు. బందరులో షాపులు లేక కాదు. పదకొండేళ్లుగా అతనూ తాహిరూ మెమరీ కార్డులూ కేబుళ్లూ కొనే షాపు వాళ్ల స్టూడియోకి రెండు వీధుల అవతలే ఉంది. అక్కడికి వెళితే "అయ్యో, తాహిర్ గారు..." అని మొదలుపెడతారు. ఎలా జరిగిందో మళ్లీ చెప్పాలి. పంతొమ్మిది రోజులుగా చెబుతూనే ఉన్నాడు. అవే మాటలు, అదే వరసలో. నోరు దానంతటది చెప్పుకుపోతుంటే తను పక్కన నిలబడి వింటున్నట్టుండేది. గుడివాడలో అయితే తనెవరో ఎవరికీ తెలియదు.

పామర్రులో దిగి బస్సు కోసం నిలబడ్డాడు. గుడివాడ బోర్డుతో రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాక గానీ తనెక్కాల్సినవి అవేనని తట్టలేదు. మూడోది ఎక్కాడు.

స్టూడియోలో తాహిర్ కెమెరా పట్టేవాడు, వెంకట్ ఎడిటింగ్ చేసేవాడు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు. మోపిదేవిలో ఒక పెళ్లి. మధ్యాహ్నం భోజనాల బంతి షూట్ చేస్తూ తాహిర్ ఉన్నచోటే కూలబడిపోయాడు. అవనిగడ్డ ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. గుండె అన్నారు. ముప్పై తొమ్మిదేళ్లు. ఆ రోజు వెంకట్ బందరులోనే, వేరే పెళ్లి ఆల్బం ముందేసుకుని కూర్చున్నాడు.

పెళ్లికూతురి మేనమామ కెమెరా బ్యాగు తెచ్చి స్టూడియోలో పెట్టి వెళ్లాడు. కార్డు ఇంకా కెమెరాలోనే ఉంది. పెళ్లి మొత్తానికి అదొక్కటే కాపీ. లోపలికి ఎక్కిద్దామంటే ల్యాప్‌టాప్ నిండిపోయింది, పాత హార్డ్ డిస్కూ నిండిపోయింది. ఖాళీ చేయాలంటే పాత పెళ్లిళ్లు తెరిచి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో చూడాలి. ఏ పెళ్లి తెరిచినా అది తాహిర్ తీసిందే. వెంకట్ రోజూ స్టూడియో తెరిచి, ఫ్యాను వేసుకుని, కూర్చుని, సాయంత్రం మూసేసి వెళ్లేవాడు.

మొన్న పెళ్లికూతురి తల్లి లక్ష్మీదుర్గ ఫోన్ చేసింది.

"తొందరేం లేదండీ. మిమ్మల్ని అడగడానికే నోరు రావట్లేదు. గూడూరు నుంచి మా వియ్యపురాలు అడుగుతోంది, అందుకని..."

"ఇస్తానండీ," అన్నాడు వెంకట్. ఎప్పుడో చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

గుడివాడ షాపులో కౌంటర్ దగ్గర ముప్పై ఏళ్ల ఆవిడ కూర్చుని ఉంది. గోడ మీది లైసెన్సు కాగితంలో సాయిదుర్గ అని ఉంది. "చెప్పండి సార్," అంది.

"ఫొటోలూ వీడియోలూ పెట్టుకోవడానికి ఎస్‌ఎస్‌డీ కావాలండీ. బయట తగిలించుకునేది."

"పెళ్లిళ్లా?"

"పెళ్లిళ్లే."

ఆవిడ అరచేతిలో ఇమిడే డబ్బాలు నాలుగు తీసి అద్దం మీద వరసగా పెట్టింది. అతను ఒక్కోటీ చేతిలోకి తీసుకుని వెనకాల ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివాడు. చదువుతుంటే హాయిగానే ఉంది. అంకెలు అంకెల్లాగే ఉన్నాయి, ఎవరి మొహమూ గుర్తు చేయడం లేదు.

"ఇది సెకనుకి రెండువేల ఎంబీ. ఇది వెయ్యే. తేడా ఉంటుందా?"

"మీ ల్యాప్‌టాప్ ఎప్పటిదండీ?"

"ఆరేళ్లయింది."

"అయితే తేడా తెలీదు. డిస్కు ఎంత స్పీడుదైనా మీ పోర్టు అంత లాగదు. వెయ్యిది తీసుకోండి. మరీ చవకవి మాత్రం వద్దు. మొదట జోరుగా ఎక్కించుకుంటాయి, పెద్ద ఫైళ్లు పడేసరికి మధ్యలో నీరసపడిపోతాయి."

"ఆన్‌లైన్‌లో పదహారు టీబీ అని అమ్ముతున్నారు."

"వాటి జోలికి వెళ్లకండి సార్. లోపల చిన్న కార్డు పెట్టి సైజు అబద్ధం చూపిస్తారు. నిండాక పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటూ పోతాయి. ఓ డాక్టరు గారు పిల్లాడి బారసాల మొత్తం అలాగే పోగొట్టుకున్నారు."

అతను తల ఊపాడు. గాలిలో తేమ, ఉప్పు ఉంటాయి కదా, బందరులో ఆగుతుందా అని అడిగాడు. కింద పడితే ఏమవుతుందని అడిగాడు. వారంటీ ఎన్నేళ్లని అడిగాడు. ఆవిడ అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. రబ్బరు తొడుగు ఉన్నది చూపించి, నీళ్లు చిందినా దుమ్ము పడినా ఫరవాలేదంది. లోపల తిరిగే భాగాలేవీ లేవు కాబట్టి చేయి జారినా సాధారణంగా ఏమీ కాదంది.

"కానీ ఒక్కటండీ," అంది. "పాత హార్డ్ డిస్కులు పోయేముందు టక్కుటక్కుమంటాయి, జాగ్రత్తపడొచ్చు. ఇవి చాలాసార్లు చెప్పకుండానే పోతాయి. నిన్నటిదాకా బాగానే ఉంటుంది, ఇవాళ తగిలిస్తే కనపడదు. అప్పుడిక ఎవరూ ఏం చేయలేరు."

వెంకట్ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ మొహంలో వ్యాపారం తప్ప ఏమీ లేదు. ఏదో ఒకటి అనిపించాలి కదా అనుకున్నాడు. ఏమీ అనిపించలేదు.

"ఎంత సైజు తీసుకోమంటారు?"

"ఒక్కో పెళ్లి ఎంతొస్తుంది?"

"నూటయాభై జీబీ దాకా."

"ఎడిటింగ్ అయ్యి, వాళ్లకి ఇచ్చేశాక, ముడి వీడియో దాచుతారా?"

"దాచం. మూడు నెలలు చూసి తీసేస్తాం."

"అయితే ఒక టీబీ చాలండీ. ఆరు పెళ్లిళ్లు పడతాయి, తీసేస్తూ ఉంటే ఖాళీ అవుతూ ఉంటుంది."

ఆవిడ ఒక టీబీ డబ్బా ముందుకు జరిపింది. వెంకట్ దాన్ని చూస్తూ నిలబడ్డాడు. షాపులోకి ఇంకొకరు వచ్చి చార్జరు అడిగి కొనుక్కుని వెళ్లారు. అతనింకా అలాగే ఉన్నాడు.

"సార్?"

"ఇప్పుడున్నవి తీయనండీ," అన్నాడు. "ల్యాప్‌టాప్‌లోవి, పాత డిస్కులోవి, కార్డులోది. అన్నీ ఉంచేస్తాను."

"ఎన్నాళ్లు?"

"తెలీదండీ."

ఆవిడ ఒక టీబీది లోపల పెట్టేసి రెండు టీబీలది బయట ఉంచింది. "అంత కావలసినవైతే ఒక్కదాన్నే నమ్ముకోకండి. రెండో కాపీకి మామూలు హార్డ్ డిస్కు ఒకటి తీసుకోండి. రెండూ ఒకే ఇంట్లో పెట్టొద్దు."

"ఇవ్వండి," అన్నాడు. బేరమాడకుండా ఫోన్ తీసి స్కాన్ చేశాడు.

మర్నాడు పొద్దున స్టూడియోలో ముందు మోపిదేవి కార్డు ఎక్కించాడు. తర్వాత పాతవన్నీ. స్క్రీను మీద గీత నిండుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాడు. పదకొండు గంటలప్పుడు తలుపు దగ్గర నాగూర్ బీ నిలబడి ఉంది, తాహిర్ తల్లి. వెంకట్ లేచి కుర్చీ వేశాడు.

"ఫౌజియా పంపించింది నాయనా," అందావిడ. కోడలు భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, నాలుగు నెలల పది రోజులూ ఇల్లు కదలదు. "ఆయన కనపడే వీడియో ఏదైనా ఉందేమో వెంకట్‌ని అడగండి అత్తా, అంది. ఫోన్లో అన్నీ పిల్లలవే ఉన్నాయంట. వాడు లేడు. ఊరందరి పెళ్లిళ్లూ తీశాడు, వాడిది ఒక్కటీ లేదేంట్రా?"

వెంకట్‌కి వెతకకుండానే తెలుసు. "కెమెరా వెనకాలే ఉంటాడు కదమ్మా. కనపడడు." ల్యాప్‌టాప్ వైపు తిరిగి, "గొంతు ఉంటుంది," అన్నాడు.

ఎడిటింగ్‌లో వెంకట్ మొదట చేసే పని ఇదే. కెమెరా వెనక నుంచి తాహిర్ మాటలు ఎక్కడెక్కడ వినిపిస్తాయో అక్కడల్లా సౌండు తీసేసి సన్నాయి వేయడం. "నోరు మూసుకుని తీయలేవా బావా, నాకు డబుల్ పని," అని తిట్టేవాడు. "నేను మాట్లాడకపోతే వాళ్లు బొమ్మల్లా నిలబడతారు బావా," అనేవాడు తాహిర్.

ఒక పాత క్లిప్పు తెరిచాడు. పెళ్లికూతురి అమ్మమ్మ బిగుసుకుపోయి కూర్చుని ఉంది. వెనక నుంచి తాహిర్ గొంతు. "మామ్మగారూ, నన్ను చూడకండి. నేను లేననుకోండి. ఆ, అదీ... ఇప్పుడు మీ మనవరాలి బుగ్గ గిల్లండి."

నాగూర్ బీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకోటి పెట్టమంది. ఇంకోటి. నాలుగైదు విన్నాక, "ఆ రోజుది ఉందా?" అని అడిగింది.

"ఉందమ్మా."

"పొద్దున ఏం తినకుండా వెళ్లాడు. టీ తాగాడంతే. ఆలస్యమవుతోందని పరిగెత్తాడు." ఆవిడ స్క్రీను వైపు చూడటం లేదు, తన చేతులు చూసుకుంటోంది. "అక్కడ ఏమన్నా తిన్నాడా నాయనా? ఎవర్ని అడిగినా చెప్పట్లేదు."

ఫోల్డర్లో చివరి క్లిప్పు ఇరవై ఆరు నిమిషాలుంది. మిగతావన్నీ రెండు మూడు నిమిషాలవి. కెమెరా కింద పడ్డాక కూడా ఎవరో చూసి ఆపేదాకా అది తిరుగుతూనే ఉంది. కాపీ చేసేటప్పుడు వెంకట్ ఆ అంకెను చూశాడు, చూసి చూపు తిప్పుకున్నాడు.

"మీరు ఇటు తిరిగి కూర్చోండమ్మా," అని ఆవిడ కుర్చీని స్క్రీనుకి పక్కగా జరిపాడు. క్లిప్పు తెరిచాడు.

విస్తళ్లు. పప్పు వడ్డిస్తున్న చేతులు. కెమెరా వరస వెంట మెల్లగా నడుస్తోంది. "పెద్దాయనా, నెయ్యి వేయించుకోండి, వీడియోలో బావుంటుంది," అంది తాహిర్ గొంతు. ఎవరో నవ్వారు. నాలుగో నిమిషంలో పట్టుచీర కట్టుకున్న లక్ష్మీదుర్గ పళ్లెంతో ఎదురొచ్చింది.

"మీరు ఎప్పుడు తింటారండీ?"

"ఈ బంతి అవనివ్వండి అమ్మా."

"పొద్దుట్నించీ అదే మాట. నోరు తెరవండి."

"అమ్మా, రెండు చేతులూ..."

"చేతులెందుకూ, నోరు తెరవమన్నాను."

ఆవిడ చేయి బూరెతో కెమెరా పైకి వచ్చింది. ఫ్రేము ఒక్కసారి ఊగింది. నోటినిండా బూరెతో తాహిర్ ఏదో అన్నాడు. వేడి, వేడి, అని. తర్వాత నమిలిన చప్పుడు, మైకుకి దగ్గరగా. "ఇంకోటి పెట్టనా?" అందావిడ. "పెట్టండి," అన్నాడు. మళ్లీ నమిలిన చప్పుడు.

వెంకట్ అక్కడ ఆపేశాడు.

"రెండు తిన్నాడు," అంది నాగూర్ బీ.

"రెండు తిన్నాడమ్మా."

"వేడివేడిగా."

"ఆ."

ఆవిడ ఏడ్చింది. వెంకట్ మంచినీళ్లు ఇచ్చాడు. తన కళ్ల వెంట కూడా నీళ్లు వస్తాయేమోనని చూసుకున్నాడు. రాలేదు. ఆవిడ తాగిన గ్లాసు అందుకుని బల్ల మీద పెట్టాడు.

రెండో కాపీ డిస్కు ఆవిడకే ఇస్తానని, గొంతు ఉన్న క్లిప్పులన్నీ ఏరి ఒక ఫోల్డర్లో పెట్టి ఇంటికి తెస్తానని చెప్పాడు. చివరిది పెట్టేటప్పుడు బూరెల దాకానే కత్తిరిస్తానని చెప్పలేదు. బయట ఆటో ఎక్కించి వచ్చాడు.

మధ్యాహ్నం లక్ష్మీదుర్గకి ఫోన్ చేశాడు.

"ఆదివారానికి ఇస్తానండీ. ఒక మాట అడగాలి. భోజనాల దగ్గర మీరు తాహిర్‌కి బూరె పెట్టారు. అది వీడియోలో వచ్చింది. మామూలుగా మా గొంతులు తీసేస్తాం. తీసేయనా?"

ఆవిడ, "అది వచ్చిందాండీ?" అంది. "నేను పెట్టిన పది నిమిషాలకే కదండీ... నేను పెట్టకుండా ఉండాల్సిందేమో అని రోజూ..."

"లేదండీ," అన్నాడు వెంకట్. "వాళ్లమ్మగారు విన్నారు ఇందాక. రెండు తిన్నాడని ఊరట పడ్డారు."

ఆవిడ ఏడుస్తోందని తెలుస్తోంది. అతను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఆగాడు. ఈసారి మాత్రం ఆ చెప్పిన కాసిన్ని మాటలూ తనే చెప్పినట్టు అనిపించింది.

"ఉంచండి," అందావిడ చివరికి. "తీయకండి. మా వాళ్లకి నేను చెప్పుకుంటాను."

సరేనని ఫోన్ పెట్టేసి, వెంకట్ భోజనాల క్లిప్పుని టైంలైను మీదకి లాగాడు. సన్నాయి ట్రాకు ఆ నిమిషన్నర దగ్గర తగ్గించి, గొంతు ఉన్నదున్నట్టు వదిలేశాడు. తర్వాత తలంబ్రాల దగ్గరికి వెళ్లాడు. అక్కడ వెలుగు సరిగ్గా లేదు, సరిచేయాలి.