డెబ్బై ఆరు చుట్లు

కన్యాకుమారి సైకిలు ఏడు వారాలుగా పశువులశాలలో కదలకుండా నిలబడిపోయింది, దాని మీద కోళ్లు కాపురం పెట్టాయి. హ్యాండిలు మీద ఒకటి, సీటు మీద ఒకటి, రోజూ పొద్దుగూకే వేళకి వచ్చి సర్దుకు కూర్చుంటున్నాయి. ఆదివారం తెల్లవారగానే తడిగుడ్డతో సీటు మీద రెట్ట తుడుస్తూ, ఇంకో మూడు వారాల్లో దీని మీద తొంభై కిలోమీటర్లు తొక్కాలి కదా అనుకుంటే ఆమెకి నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే భయమూ వేసింది.

కన్యాకుమారికి ముప్పై తొమ్మిదేళ్లు. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలో ల్యాబ్ అసిస్టెంటు. పనికి వెళ్లి రావడం సైకిలు మీదే. చిన్నప్పుడు మేనమామ నడుముకి ఎండు ఆనపబుర్ర కట్టి బావిలోకి తోసి నేర్పిన ఈత ఉంది. పరుగు ఒక్కటే కొత్తగా నేర్చుకుంది. ఈతా సైకిలూ పరుగూ ఒకదాని వెంట ఒకటి చేసే పందెం ఉంటుందని, దాన్ని ట్రయథ్లాన్ అంటారని ల్యాబులో పనిచేసే రాజకుమారి చెబితే, పోయినేడు చిన్న పందేనికి పేరిచ్చి, చివర్నుంచి నాలుగో మనిషిగానైనా పూర్తి చేసి వచ్చింది. ఆ ధైర్యంతో ఈ ఏడు పెద్దదానికి పేరిచ్చింది. భోగాపురం అవతల సముద్రంలో రెండు కిలోమీటర్లకి వంద మీటర్లు తక్కువ ఈత, ఆపైన తొంభై కిలోమీటర్ల సైకిలు, ఆపైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు.

సాధనకి ఈతకొలను ఎక్కడిది? ఇంటి వెనక జీడితోట చివర మామగారు తవ్వించిన నేలబావి ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడకి వెళ్లి తిరిగొస్తే ఒక చుట్టు, ఇరవై అయిదు మీటర్లు. డెబ్బై ఆరు చుట్లు తిరిగితే సముద్రంలో ఈదాల్సినంత దూరం. ఆ చుట్లు లెక్కపెట్టే పని అత్త తవిటమ్మది. గట్టు మీద పీట వేసుకుని, ఒడిలో చింతపిక్కలు పోసుకుని, చుట్టుకొక పిక్క తీసి పక్కన పెట్టేది. కోడలు మధ్యలో గోడ పట్టుకుని ఊపిరి తీసుకుందా, ఆ చుట్టుకి పిక్క పడేది కాదు.

సిరిమానోత్సవం అయిన మర్నాడు, కోడలికి దాహం వేస్తుందని తవిటమ్మ చెంబుతో తరవాణి పట్టుకుని బావి మెట్లు దిగబోయింది. నాలుగో మెట్టు మీద పాచి. ఒక్క జారుకి తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళంలో ఆపరేషను చేయించారు. మొగుడు ఎల్లాజీ విమానాశ్రయం పనుల్లో టిప్పరు తోలుతూ వారానికోసారి ఇంటికి వచ్చే మనిషి. ఇక లేవదీయడం, తిప్పడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ కడగడం, వేళకి మాత్రలు మింగించడం, అన్నీ కన్యాకుమారే. ల్యాబుకి సెలవు పెట్టింది. సాధన సంగతి తలవనే లేదు. ఈ మధ్యనే అత్త వాకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది.

"మనసుంటే సాలు వదినా, నువ్వు సేసేస్తావు," అని రాజకుమారి ఫోను చేసినప్పుడల్లా అంటుంది. మొగుడూ అదే పాట. చేయలేనేమోనని కన్యాకుమారికే తెలుసు. చిన్న పందేనికి మారాలనుకున్నవాళ్లు ఈ ఆదివారం సాయంత్రం ఆరులోగా మారవచ్చని నిర్వాహకుల నుంచి కబురు కూడా వచ్చింది.

అడ్డమల్లా ఒకటే. ఆసుపత్రి మంచం మీద నుంచీ చూడ్డానికొచ్చిన ప్రతి మనిషితోనూ తవిటమ్మ, "నా తుంటెముక నా కోడలి పందేన్ని మింగీసింది," అంటూ వచ్చింది. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఆ మాట నిజమైపోతుంది. ముసలామె ఆ బరువు మోసుకుంటూ తిరుగుతుంది. అందుకే అత్త అడిగినప్పుడల్లా, "పెద్దదానికే వెళ్తాను," అంటోంది.

సైకిలు తుడవడం అయ్యాక తువ్వాలు భుజాన వేసుకుని బావి వైపు బయల్దేరబోతుంటే, వెనక వాకరు చప్పుడైంది.

"ఒలే, నన్నొగ్గీసి ఎల్లిపోతన్నావేటి?"

"నువ్వెక్కడికి అత్తా? డాక్టరేమన్నాడు?"

"మెట్లు ఎక్కొద్దన్నాడు, దిగొద్దన్నాడు. గట్టు మీద కూకోవద్దన్నాడేటి? కుర్సీ అట్టుకురా."

కన్యాకుమారి ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని, రెండో చేత్తో అత్త నడుము పట్టుకుని, జీడిచెట్ల కింద మెల్లగా నడిపించింది. రెండు నిమిషాల దారికి పావుగంట పట్టింది. మెట్లకి బాగా దూరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టింది. తవిటమ్మ కొంగుముడి విప్పి చింతపిక్కలు ఒడిలో పోసుకుంది.

వానలకి బావి నిండుగా ఉంది. మొదటి పది చుట్లూ ఒళ్లు పాత సంగతి గుర్తు చేసుకున్నట్టే సాగింది. ఇరవై అయ్యేసరికి కుడి భుజం మొరాయించింది. ఏడు వారాలు మనిషిని లేవదీసిన చేతులే కదా, గట్టిపడి ఉంటాయని ఆమెకి లోలోపల ఒక ఆశ ఉండేది. నీళ్లకి ఆ బలంతో పని లేదు. నలభై దగ్గర లెక్క తప్పిపోయింది. తప్పిపోవడమే మేలనిపించింది. ఒకవేళ అరవై దాటిందేమో, డెబ్బైలోకి వచ్చేసిందేమో అనుకుంటూ చేతులు వేసింది. ఒకసారి అవతలి గోడ రాయి పట్టుకుని ఆయాసం తీర్చుకుంది. ఇక చేతులు లేవని చోట మెట్టు పట్టుకుని, ముఖం మీద జుట్టు తోసుకుని పైకి చూసింది.

"ఎన్నయ్యాయి అత్తా?"

తవిటమ్మ ఒడి వైపు చూసుకుంది. పిక్కలు పిడికిట్లోకి తీసింది, మళ్లీ వదిలింది.

"సెప్పవేం?"

"యాభై ఎనిమిది."

"అరవైయైనా దాటలేదా?"

"దాటనేదు. అందులోనూ ఓపాలి ఆ గోడ అట్టుకుని నిలబడిపోనావు. దానికీ పిక్క ఏసీసేను. ఏయకూడదు. యాభై ఏడనుకో."

కన్యాకుమారి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె భుజాల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఏడుపొస్తుందనుకుంది గానీ రాలేదు. ఇక పెద్దదానికే వెళ్తానని అనక్కర్లేదనిపించింది.

"డెబ్బై ఆరయ్యాయని సెప్పేస్తే నమ్మేద్దును," అంది.

"సెప్పీద్దునే. పిడికిట్లోకి తీసేను కూడాను. పద్దెనిమిది పిక్కలు ఇటు తోసీస్తే నీకేటి తెలుస్తాది? నా మీద మాట పోతాది, నా కోడలు పెద్ద పందేనికి ఎల్లిందని ఊరంతా సెప్పుకుంటాను." తవిటమ్మ గొంతు సన్నబడింది. "మరి సముద్రంలో నీకు సేతులు పడిపోతే? అక్కడ గోడేటి ఉంటాది అట్టుకోడానికి?"

కన్యాకుమారి ఒక్కో మెట్టూ చూసుకుంటూ పైకొచ్చి, తడిబట్టలతోనే కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ మెట్ల మీద పాచి గీకుతానని వారం రోజులు అన్నాను అత్తా. ఈదడానికి టైముంది గానీ, గీకడానికి నేకపోయింది. నేను గీకి ఉంటే నువ్వు పడేదానివి కాదు."

"ఓలమ్మ, ఇదేటే? తరవాణి తెమ్మని నువ్వడిగేవేటి? నానే కదా ఎగేసుకుంటూ దిగేను."

"నా కోసమే కదా."

"నీ కోసం కాకపోతే ఊళ్లో ఎవుత్తికోసం తెస్తానే!"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వితే తుంటి కలుక్కుమని, తవిటమ్మ "అమ్మో" అని ఆపుకుంది.

"సూడు," అంది కాసేపటికి. "అమ్మోరికి మొక్కుకుంటాం. ఆ యేడు పంట పోద్ది, ఇంట్లో ఎవుళ్లకో బాగోదు. మొక్కు తీర్సలేం. అప్పుడేటి సేస్తాం? పసుపుగుడ్డలో ముడుపు కట్టి, అమ్మా, ఈ యేటికి ఇంతే, వచ్చేయేడు తీరుస్తామని సెప్పుకుంటాం. అమ్మోరేటి అలిగిపోద్దా? అమ్మోరికే వాయిదా సెప్పుకున్నోళ్లం, ఈ పందేలోళ్లకి సెప్పుకోలేమేటి?"

"నీ తుంటి మింగేసిందంటావు మళ్లీ."

"అనను."

"వచ్చినోళ్లందరితోటీ?"

"అననన్నానా! నోరు కుట్టీసుకుంటాను, సాలా?"

కన్యాకుమారి మోటారుగది అరుగు మీద పెట్టిన ఫోను తెచ్చుకుని నిర్వాహకుల పేజీ తెరిచింది. పెద్ద పందెం, చిన్న పందెం, ఒకదాని కింద ఒకటి కనిపించాయి. చిన్నదాని మీద బొటనవేలు పెట్టింది. తడివేలుకి ఫోను పలకలేదు. ఇంకోసారి నొక్కింది. ఊహూ. బట్టలకి తుడుచుకుందామంటే అవీ తడే.

"ఇలాతే," అని తవిటమ్మ ఆమె చెయ్యి లాక్కుని, పొడిగా ఉన్న కొంగుతో బొటనవేలు చుట్టి, చంటిపిల్లకి తుడిచినట్టు గోరు సందుల దాకా తుడిచింది. "ఇప్పుడు నొక్కు."

నొక్కింది. పచ్చటి టిక్కు వచ్చింది.

"సిన్నదానికి ఎన్ని సుట్లే?"

"ముప్పై."

"ముప్పయ్యేనా!" తవిటమ్మ బావిలోకి తొంగిచూసింది. "సముద్రం కదా, కెరటాలు వెనక్కి లాగుతాయి. మనం రోజూ నలభై సేద్దాం. ముందు ఆ మెట్లు గీకు."

కన్యాకుమారి మోటారుగదిలో ఉన్న చిప్పపార తెచ్చి, తవిటమ్మ చూస్తుండగానే, పై మెట్టు నుంచి మొదలుపెట్టింది.