మంగళం దాకా

త్రికోటయ్యది కింది గొంతు. ఆ రోజుల్లో పాటగాడంటే పందిరి చివర నిలబడ్డవాడికి కూడా చెవులు గింగురుమనాలి. మైకులు ఇంకా పల్నాడు దాకా రాలేదు. అందుకని పాట నేర్చే ప్రతివాడూ గొంతు పైకి లాగి లాగి, మెడనరాలు తాళ్లలా ఉబ్బించుకుని పాడేవాడు. త్రికోటయ్య గొంతు మాత్రం పైకి పోనని మొరాయించేది. నరసరావుపేటలో గురువుగారు చింతబరికె విరిగేదాకా కొట్టాడు. "పైకి రారా వెధవా, పాతాళంలో ఏం దాచిపెట్టావురా!" అని వీపు చీరేశాడు. ఆ వాతల్లో ఒకటీ అరా ఇప్పటికీ భుజం కింద నల్లగా కనపడతాయి. అయినా ఆయన పైకి పోలేదు. పోలేకపోవడం దేవుడిచ్చిన లోపం, పోనక్కర్లేదనుకోవడం ఆయన సొంత పొగరు.

ఆ పొగరే ఆయనకు అన్నం పెట్టింది. మంద్రంలో ఆయన షడ్జం పట్టుకుంటే జంపఖానా మీద కూర్చున్నవాళ్లకు తొడల కింద నేల వణికినట్టు ఉండేదని చెప్పుకునేవారు. పక్కవాద్యాల వాళ్లకు మాత్రం ఆయనతో చచ్చేచావు. ఫిడేలు యేసుపాదం రెంటచింతల చర్చిలో కీర్తనలకు వాయిస్తూ పైకొచ్చినవాడు. ఈయన శృతికి తీగలు వదులు చేసీ చేసీ, "ఇది ఫిడేలా, నులకమంచమా" అని సణిగేవాడు. మౌలాలీ ఈయన కోసమే పెద్ద మూతి మృదంగం చేయించుకుని, దాన్ని రైళ్లలో, ఎడ్లబండ్లలో చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని మోసేవాడు. తంబురా మటుకు త్రికోటయ్య ఎవరి చేతికీ ఇవ్వడు. తనే నిలబెట్టుకుని తనే మీటుకుంటాడు. పెళ్లిళ్లు, దేవుడి కల్యాణాలు, తిరనాళ్లు అంటూ ముగ్గురికీ ఏడాదిలో సగం బతుకు గుంటూరు మాచర్ల రైల్లోనే తెల్లారిపోయేది.

ఆ ఎండాకాలం దుర్గి దగ్గర ఒక ఊళ్లో మస్తాన్‌రావనే మోతుబరి షష్టిపూర్తికి కచేరీ కుదిరింది. మాచర్ల స్టేషన్లో దిగేసరికి బండి లేదు. ఆలస్యంగా వచ్చిన బండివాణ్ణి మస్తాన్‌రావు మనుషులు పాటగాళ్ల ఎదుటే కిందపడేసి తన్నారు. "అయ్యగారిని ఎండలో నిలబెడతావంట్రా!" అని ఒకడు చెప్పుకాలితో మొహం మీద తొక్కాడు. వాడి ముక్కు పగిలి నెత్తురు గడ్డం మీదుగా కారింది. ఆ తన్నులన్నీ త్రికోటయ్యకు చేస్తున్న మర్యాద! ఆయన "పోనీండయ్యా" అన్నాడు, వినపడీ వినపడకుండా. తర్వాత ఆ బండివాడే కండువాతో నెత్తురు తుడుచుకుంటూ బండి తోలాడు. త్రికోటయ్య మిరియాల కషాయం గుటక వేసి, మొహం పొలాల వైపు తిప్పుకున్నాడు.

మస్తాన్‌రావు సంగతి పల్నాట్లో ఎవరికీ కొత్త కాదు. గట్టు తగాదాలో వరసకు తమ్ముడి కొడుకయ్యే వాణ్ణి మిరపచేలో పట్టుకుని, కాళ్లూ చేతులూ విరగ్గొట్టించి, కొనప్రాణంతో ఉండగానే బండరాయితో తల చితగ్గొట్టించాడు. సాక్ష్యం చెప్పడానికి చీమ కూడా ముందుకు రాలేదు. తర్వాత పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు. చచ్చినవాడి తమ్ముడు పుల్లారావు చేత మస్తాన్‌రావు కాళ్లు మొక్కించారు. ఆ రాజీ ధర్మమా అని పుల్లారావు, వాళ్లవాళ్లు ఈ షష్టిపూర్తికి చుట్టాలుగా వచ్చి, పంక్తిలో కూర్చుని బూరెలు తిన్నారు.

భోజనాలయ్యాక త్రికోటయ్య వేదిక వెనక తడిక చాటున శృతి చూసుకుంటున్నాడు. యేసుపాదం, మౌలాలీ అప్పటికే ముందు వైపు కూర్చున్నారు. పుల్లారావు వేణ్నీళ్ల చెంబుతో వచ్చి ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

"అయ్యగారూ, మీ పాట కోసం అమరావతి దాకా నడిచొచ్చినోణ్ణి నేను. మీకు దెబ్బ తగిలితే చూళ్లేను. అందుకని చెబుతున్నా. మంగళం పాడంగానే మీ ముగ్గురూ ఈ తడిక తోసుకుని ఎనక నుంచి ఎల్లిపోండి. ఒక్క గడియ కూడా ఈడ నిలబడబాకండి."

"ఏందయ్యా? ఎందుకు?"

"మా అన్నని చంపినోడికి అరవయ్యేళ్లు నిండినయ్యి. ఇంకోటి నిండదు."

పుల్లారావు కండువా తొలగించి, నడుముకు దోపుకున్న చేతిగొడ్డలి పిడి చూపించాడు.

"మంగళం అయ్యేదాకా ఎవుడూ చెయ్యెత్తడు. పాట మధ్యలో నెత్తురు పడితే మా ఇంటికి చెరుపని మా అమ్మ అందరి చేతా ఒట్టేయించింది. కానీ మీరు నోరు జారారనుకో, ఒట్టూ లేదు గిట్టూ లేదు. ఆయన పక్కన ఆయన పెళ్లాం, మా పెద్దమ్మ, కూకోనుంటది. ముందుగాల ఆమెని నరుకుతాం. మీ ఇష్టం."

అంత మాటా అనేసి, "నీళ్లు తాగండయ్యా, గొంతుకి మంచిది" అని చెంబు చేతిలో పెట్టి పోయాడు.

త్రికోటయ్య వేదిక ఎక్కి చూశాడు. మస్తాన్‌రావు వాలుకుర్చీలో కాళ్లు బార్లా చాపుకుని కూర్చున్నాడు. పక్కనే ఆయన భార్య వీరరాఘవమ్మ, పొద్దున కొత్తగా కట్టించుకున్న సూత్రం తాడు పసుపు ఆరకుండా మెడలో మెరుస్తూ ఉంది. వాళ్ల కుర్చీల వెనక చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పుల్లారావు మనుషులు కండువాలు కప్పుకుని కూర్చున్నారు. పుల్లారావు మాత్రం వేదిక అంచున, పాటగాడి మోకాలి దగ్గర చేరాడు. ఏం చెప్పాలన్నా వాడి చెవి దాటి పోవాలి. మస్తాన్‌రావు పోతే పోయాడని ఒక క్షణం అనిపించకపోలేదు. కానీ ఆ ఆడమనిషి ఏం చేసింది? దీపాలు పెట్టే వేళకు గురజాల నుంచి పోలీసు అధికారి జవాన్లను వెంటేసుకుని భోజనానికి వస్తున్నాడని మధ్యాహ్నం మస్తాన్‌రావే గొప్పగా చెప్పాడు. అప్పటిదాకా మంగళం పాడకుండా ఉంటే చాలు. అంతే కదా! పాడటం తన వృత్తి. పాడుతూ ఉంటాడు.

మొదలుపెట్టాడు. హంసధ్వని అయింది, తోడి అయింది. మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనంలో మౌలాలీ చెలరేగిపోయాడు. జావళి, తిల్లానా కూడా అయ్యాయి. ఇక మిగిలింది మంగళమే. యేసుపాదం చెయ్యి మామూలుగా మంగళం పాడే సౌరాష్ట్ర రాగానికి సిద్ధమైంది. త్రికోటయ్య కళ్లు మూసుకుని శంకరాభరణం ఆలాపన ఎత్తుకున్నాడు.

ఫిడేలు కమాను గాల్లోనే ఆగిపోయింది. తిల్లానా తర్వాత పెద్ద రాగమా! మౌలాలీ నోరు తెరిచాడు. పుల్లారావు మోకాలి దగ్గర నుంచి తలెత్తి చూశాడు. ఆ చూపుతో త్రికోటయ్యకు తెలిసిపోయింది, సాగదీత వాడికి అర్థమైందని. దవడ బిగించి, కండువా కింద పిడి మీద చెయ్యి వేశాడు. త్రికోటయ్య ఆ చేతిని చూస్తూనే మంద్రంలోకి దిగాడు. పంచమం, అక్కణ్ణుంచి ఇంకా కిందికి, గురువుగారి బరికె తప్పించుకుని చిన్నప్పుడు దాక్కున్నంత లోతుకు. చూస్తూ ఉండగానే పుల్లారావు దవడ వదులైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆహా" అన్నాడు. నడుముకు గొడ్డలి పెట్టుకుని ఏడుస్తున్నవాడి మీంచి త్రికోటయ్య చూపు తిప్పుకున్నాడు.

శంకరాభరణం ముగియగానే కాంభోజి. కాంభోజి అయ్యాక ఇంకోటి. పద్యం ఎత్తుకుని 'లేచి పో, లేచి పో' అని అందులో ఇరికిద్దామని చూశాడు. కానీ పుల్లారావుకు ప్రతి మాటా కంఠతా వచ్చు, మస్తాన్‌రావుకు పాటలో ఒక్క ముక్క తెలియదు. కుర్చీల వెనక వాళ్లలో ఒకడు లేచి వచ్చి, పుల్లారావు చెవి దగ్గర వంగి, "ఇంకెంతసేపురా, దిగుదామా?" అని బుసకొట్టాడు. పుల్లారావు వెనక్కి తిరిగి వాడి చెంప పగలగొట్టాడు. "మంగళం కావాల" అన్నాడు పళ్ల మధ్య నుంచి. చుట్టుపక్కల వాళ్లు పాట వినడానికి అడ్డమొచ్చినందుకు కొట్టాడనుకుని మెచ్చుకున్నారు.

పొద్దు వాలింది. పందిరి తాటాకుల సందుల్లోంచి ఎండ ఏటవాలుగా పడింది. పోలీసుల జాడ లేదు. త్రికోటయ్య గొంతు ముందు మధ్యమం దగ్గర చీలింది, తర్వాత షడ్జం దగ్గరే జీరబోయింది. ప్రతి స్వరానికీ లోపల చర్మం ఊడినట్టు మంట. మింగితే ఉప్పగా నెత్తురు. అయినా ఆపలేదు. అరుస్తున్నాడో పాడుతున్నాడో ఆయనకే తెలియలేదు. చివరికి గాలి వస్తోంది గానీ నాదం రావడం లేదు. యేసుపాదం ఫిడేలుతో కప్పుకొస్తున్నాడు. జనం అసహనంగా కదిలారు.

పెద్దమనిషి ఒకాయన మస్తాన్‌రావు చెవిలో ఊదాడు. "శాలువా కప్పలేదు కదా బావా. అందుకని అలిగాడు. కప్పందే మంగళం పాడడు."

ఆ ప్రాంతంలో అది మామూలే. మంగళానికి ముందు ఇంటి యజమాని పాటగాడికి శాలువా కప్పాలి. కప్పడం మర్చిపోతే అలిగి ఇంకో పాట, ఇంకో పాట అంటూ జనాన్ని కదలనివ్వని విద్వాంసులు ఉన్నారు. మస్తాన్‌రావు తొడ చరుచుకుని నవ్వాడు. "ఓర్నీ, అదా సంగతి! ముందే చెప్పొచ్చు కదయ్యా!" అంటూ జరీ శాలువా తెప్పించుకుని, భార్యను లేపి కూడా తీసుకుని, తనే వేదిక మెట్లెక్కాడు.

మస్తాన్‌రావు పైకి రావడం త్రికోటయ్య చూశాడు. తంబురా వదిలేశాడు. చేతులు అడ్డంగా ఊపాడు. వద్దంటున్నాడు కాబోలు, అది కూడా అలకలో భాగమేననుకుని జనం నవ్వారు. మస్తాన్‌రావు వంగి ఆయన భుజాల మీద శాలువా కప్పాడు. ఆ చెవి ఆయన నోటి దగ్గరికి వచ్చింది. పుల్లారావు ఏమైనా చేసుకోనీ అని త్రికోటయ్య తెగించి, "నిన్ను చంపుతారు, పారిపో" అన్నాడు. అన్నాననుకున్నాడు. పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు.

"ఏందయ్యా? గొంతు పోయిందా?" అని మస్తాన్‌రావు ఆయన వీపు తట్టాడు.

శాలువా పడింది, ఇక అలక తీరింది అనుకున్నాడు యేసుపాదం. విద్వాంసుడి గొంతు పోయింది, పరువైనా నిలబెడదామనుకున్నాడు. కమాను దించి సౌరాష్ట్రంలో మంగళం వాయించాడు. మౌలాలీ హాయిగా ఊపిరి పీల్చుకుని ముక్తాయి వేశాడు. జనం చేతులు జోడించి లేచారు.

పుల్లారావు కూడా చేతులు జోడించాడు. కళ్లకద్దుకున్నాడు. తర్వాత గొడ్డలి తీశాడు.

మొదటి వేటు మస్తాన్‌రావు మెడకూ భుజానికీ మధ్య దిగి ఇరుక్కుంది. పుల్లారావు కాలు పెట్టి తన్ని గొడ్డలి ఊడబెరికాడు. నెత్తురు చిమ్మి తంబురా బుర్ర మీద, త్రికోటయ్య మొహం మీద పడింది. మస్తాన్‌రావు మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతో మెడ పట్టుకున్నాడు. రెండో వేటుకు నాలుగు వేళ్లు తెగి జంపఖానా మీద రాలాయి. మూడోది నడినెత్తిన పడింది. వీరరాఘవమ్మ పెట్టిన కేకకు పందిరి అదిరింది. అప్పటికి మిగతావాళ్లు వేదిక ఎక్కేశారు. ఒకరి మీద ఒకరు పడుతూ, కట్టెలు కొట్టినట్టు కొట్టారు. మస్తాన్‌రావు మనుషులు బరిసెలు అందుకుని వచ్చారు. ఒక బరిసె పుల్లారావు డొక్కలో దిగి వీపున తేలింది. వాడు మృదంగం మీదికి ఒరిగిపోయాడు. మౌలాలీ దాన్ని వదలకుండా కిందనే నలిగాడు. యేసుపాదం తడిక తోసుకుని పొలాల్లో పడ్డాడు. రాటలు విరిగి పందిరి ఒక పక్క కూలింది.

కాసేపటికి కొట్టేవాళ్లు పారిపోయారు, మిగిలినవాళ్లు అలిసిపోయారు. త్రికోటయ్యకు గీత కూడా పడలేదు. కూర్చున్నచోటే, శాలువాతో సహా కూర్చునే ఉన్నాడు. వీరరాఘవమ్మ భర్త తల ఒళ్లోంచి దించి, మోకాళ్ల మీద పాకుతూ ఆయన దగ్గరికి వచ్చింది. శాలువా కప్పేటప్పుడు ఆయన పెదాలు కదలడం ఆమె పక్కనే ఉండి చూసింది. చేతులు అడ్డంగా ఊపినప్పుడు నవ్వనిది ఆ పందిట్లో ఆమె ఒక్కతే.

"మీకు తెలుసా?" అంది.

ఆయన తలూపాడు.

"ఎప్పటి నుంచి తెలుసు?"

ఆయన తడిక వైపు, తర్వాత తంబురా వైపు చెయ్యి చూపించాడు. మొదటి నుంచీ అని. వాళ్లు నిన్నే ముందు నరుకుతామన్నారమ్మా అని చెప్పాలనుకున్నాడు. పోలీసులు వస్తారని పాడాను అని చెప్పాలనుకున్నాడు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

"మధ్యాన్నం నుంచీ పాడావే! యాడ లేని పాటలన్నీ పాడావే! అంత గొంతు ఎట్టుకుని ఒక్క మాట... ఒక్క మాట చెప్పలేకపోయినావా?"

కర్రలు పట్టుకున్న వాళ్లు ఆ మాట విని వేదిక చుట్టూ మూగారు. "వీడికి ముందే తెలుసంట! ముసలోణ్ణి పైకి రప్పించడానికే సాగదీశాడు!" అని ఒకడు ఆయన జుట్టు పట్టుకుని మొహం పైకెత్తాడు. ఇంకొకడు గొంతు మీద కాలు పెట్టబోయాడు. త్రికోటయ్య కళ్లు మూసుకున్నాడు. రానీ, అనుకున్నాడు. నిజంగానే రావాలనుకున్నాడు.

"వదలండిరా" అంది వీరరాఘవమ్మ. "ఆ గొంతు జోలికి పోబాకండి. నాలుగు రోజులు పోతే అదే బాగయిద్ది. ఇంకో పందిట్లో పాడుకుంటాడు."

జుట్టు పట్టుకున్నవాడు చెయ్యి వదిలేశాడు. దూరంగా బాట మీద పోలీసుల బండి ఎద్దుల గంటలు వినపడుతున్నాయి.