అత్తగారి బ్రేకు

"మా చెల్లికి డ్రైవింగ్ స్కూలు పెట్టించింది నేనే" అని మా అన్నయ్య కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నలుగురిలో బాగుండదని ఇన్నాళ్ళూ పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను. ఇక ఊరుకోను. ఎవరు పెట్టించారో, ఎవరు ఆపబోయారో మొదటినుంచీ చెబుతాను. విని మీరే తేల్చండి.

మా నాన్న ఒక బ్రెడ్డు కంపెనీలో వ్యాను డ్రైవరు. సెలవు రోజున ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో అన్నయ్యకి డ్రైవింగు నేర్పేవాడు. నేనూ వెంటపడి ఎక్కేదాన్ని. "నువ్వు వెనక కూర్చోవే, కాళ్ళకి అడ్డం పడకు" అనేవాడు. వెనకంటే ఖాళీ ట్రేల మధ్య. అక్కణ్ణించి రోడ్డు కనిపించదు, స్టీరింగు కనిపించదు, రెండు సీట్ల సందులోంచి కాళ్ళు మాత్రం కనిపిస్తాయి. సరే, ఆ కాళ్ళే చూశాను. క్లచ్చు మీద కాలు ఎంత నెమ్మదిగా లేవాలో అన్నయ్య కంటే ముందు నాకే తెలిసింది. వాడు ఇంజను ఆపేసిన ప్రతిసారీ నాన్న "పర్లేదురా, మళ్ళీ" అనేవాడు. ఒకసారి బతిమాలి బతిమాలి నేను కూర్చుంటే, నాకూ ఇంజను ఆగింది. "చాల్లే, నీవల్ల కాదు" అన్నాడు నాన్న. అదే వ్యాను, అదే ఇంజను. వాడికి "మళ్ళీ", నాకు "చాల్లే". పెద్దయ్యాక నేనే ఒక స్కూలు పెడతానని ఆ రోజే అనుకున్నాను. పట్టుదల అంటారో, కసి అంటారో మీ ఇష్టం. నేనైతే కసి అనే అంటాను.

డ్రైవింగు నా సొంత డబ్బుతో, నా సొంత ఏడుపుతో నేర్చుకున్నాను. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడక్కండి, అదో పెద్ద భాగోతం. ఊళ్ళో పేరున్న డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి నేర్పడానికి ఆడమనిషి కావాలంటే వెళ్ళి చేరాను. ఆ స్కూలు యజమానిని అందరూ గురువుగారనేవారు. ఆయన ఎవరికి ఏం నేర్పాడో ఆ పైవాడికే తెలియాలి.

నేర్పే బండిలో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక క్లచ్చూ, ఒక బ్రేకూ ఉంటాయి. రెండు వైపులవీ అడుగున కలిపి ఉంటాయి కాబట్టి ఇటు నొక్కితే అటు పెడలు కూడా దానంతటదే కిందికి దిగుతుంది. అటు కూర్చున్న మనిషి, నొక్కింది తన కాలేననుకుంటుంది. మేం దాన్ని అత్తగారి బ్రేకు అనేవాళ్ళం. కోడలు పొద్దుణ్ణించీ పొయ్యి దగ్గర నిలబడి వండితే, చివర్లో చిటికెడు ఉప్పు వేసి వంట నాదేననే అత్తగారి వ్యవహారమన్నమాట. చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. తర్వాత తెలిసింది, అది నవ్వాల్సిన విషయం కాదని.

చేరిన రోజే గురువుగారు నన్ను పక్కకి పిలిచారు.

"చూడమ్మా, లేడీస్ బ్యాచ్‌కి మాత్రం నీ కాలు పెడలు మీంచి తియ్యకు. బండికి గీత పడకూడదు."

"మరి వాళ్ళకి ఎలా వస్తుంది సార్?"

"రాకపోతే మళ్ళీ చేరతారు. నీకేం నష్టం?" అని కన్ను గీటారు.

మగవాళ్ళ బ్యాచ్‌కి ఆ నియమం లేదు. వాళ్ళు బండిని గోడకి కొట్టినా, "కుర్రాడు హుషారు" అని నవ్వేవారు. ఆడవాళ్ళు నేర్చుకున్నన్నాళ్ళూ బండి మెత్తగా పోయేది. తమకి వచ్చేసిందనుకుని పరీక్షకి వెళ్ళేవారు. అక్కడ పక్కన ఎవరి కాలూ ఉండదు కదా, గేటు దాటకముందే బండి ఆగిపోయేది. ఒక నర్సు అలా మూడోసారి తప్పి వచ్చి, నా ముందు తన కాలి మీద తనే కొట్టుకుంది. "దీనికి బుద్ధి లేదు మేడమ్, దీనికసలు బుద్ధి లేదు" అంటూ ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దస్తమానం పదిమంది రోగుల మధ్య పరిగెత్తే ఆ కాలికి బుద్ధి లేదట!

మర్నాడు ఆవిడతో ఖాళీ మైదానానికి వెళ్ళాను. చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. చెయ్యి మాత్రం హ్యాండ్ బ్రేకు మీద ఉంచాను.

"మేడమ్, కాళ్ళు..." అంది భయంగా.

"నా కాళ్ళు ఇక్కడున్నాయి. చూశావుగా? ఇప్పుడు బండి కదిలితే నువ్వు కదిపినట్టు, ఆగితే నువ్వు ఆపినట్టు. కానియ్."

ఎగిరెగిరి పడుతూ చాలాసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా "మళ్ళీ" అన్నాను. వారం తిరిగేసరికి ఆ నర్సు మైదానమంతా చుట్టేసింది. నెలలో పరీక్ష పాసయింది. ఆ తర్వాత నా బ్యాచ్ మొత్తానికీ బాసింపట్టే. ముందు మైదానం, కాలు కుదిరాక రోడ్డు. మళ్ళీ చేరేవాళ్ళు తగ్గిపోయేసరికి గురువుగారికి అనుమానం వచ్చింది. ఒకరోజు ఎదురుగా వస్తూ, బండిలో దర్జాగా మఠం వేసుకుని కూర్చున్న నన్ను చూశారు. "ఇది బండి అనుకున్నావా, మంచం అనుకున్నావా?" అని రోడ్డు మీదే అరిచి, ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు.

మంచిదే అయింది. దాచుకున్నదంతా ఊడ్చి ఒక పాత కారు కొన్నాను. నా పేరు మీదే. రెండో వైపు పెడళ్ళు బిగించమంటే మెకానిక్కు "సార్ రాలేదా?" అని నా వెనక చూశాడు. "వచ్చారు, నీ ముందే నిలబడ్డారు" అన్నాను. ఆఫీసుకి గది కోసం తిరిగితే ఒక్కడూ ఇవ్వలేదు. చివరికి ఒక ఇంటాయన, "మీ అన్నయ్యని తీసుకురామ్మా, ఆయనతో మాట్లాడుకుంటాను" అన్నాడు. మాట్లాడుకోవడానికి నాకేమీ నోరు పడిపోలేదు. కానీ గది కావాలి. అన్నయ్యని అడిగాను.

"దానికేం భాగ్యం" అన్నాడు. అన్నయ్య ఒక కంపెనీ అధికారి కారు నడుపుతాడు. గదికి సంతకం పెట్టాడు. "స్కూలు అనుమతికి కూడా నా పేరే పెట్టు, పని త్వరగా అవుతుంది. ఊరికే పేరుకి, అంతే. నడిపేది నువ్వేగా."

ఊరికే పేరుకి! ఎంత అమాయకమైన మాట! నేను సరేనన్నాను. వారం తిరక్కుండా గది ముందు బోర్డు వచ్చింది, దాని మీద వాడి పేరు నా చెయ్యంత పొడుగు అక్షరాల్లో. అడిగితే, "పేరుకే కదే, పేరు లేకుండా బోర్డెలా ఉంటుంది?" అన్నాడు.

నా మొదటి స్టూడెంటు మా వదిన. "నాకు వస్తుందంటావా అమ్మాయ్?" అని వంద అనుమానాలతో కూర్చుంది. మా వదిన మెత్తటి మనిషి, చెయ్యి తగిలి గ్లాసు పడితే గ్లాసుకి క్షమాపణ చెప్పే రకం. కానీ ఆవిడ పాదం బంగారం. బాసింపట్టు వేసుకున్న నన్ను పక్కన పెట్టుకుని, ఆసుపత్రి ముందున్న ఎత్తు రోడ్డు మీద బండి ఆపి, వెనక్కి బెత్తెడు జారకుండా మళ్ళీ ఎక్కించేది. అందుకే స్కూలు అనుమతికి రవాణా శాఖ అధికారి వచ్చే రోజున వదిన చేతే పాఠం చూపించాలనుకున్నాను. గది చూశాక, ఆయన బండిలో కూర్చుని ఒక పాఠం చూస్తాడు. బాగుంటే సంతకం. లేకపోతే లేదు. అప్పటికి నా ఉద్యోగం పోయి, ఇంట్లో పప్పూ ఉప్పూ నిండుకుంటున్న రోజులు.

అధికారి వచ్చాడు. గది చూశాడు, బోర్డు చదివాడు, అన్నయ్యకి చెయ్యి కలిపాడు. నేను ముందు తలుపు తియ్యబోతుంటే అన్నయ్య అడ్డం వచ్చాడు.

"నేను కూర్చుంటాలే. యజమానిని కదా."

"నేర్పేది నేను" అన్నాను.

అధికారి నవ్వాడు. "ఆయన్నే కూర్చోనివ్వమ్మా. ముందు ఇద్దరూ ఆడవాళ్ళే అయితే వెనక నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి." అన్నయ్య కూడా నవ్వాడు. నవ్వనివాళ్ళం నేనూ వదినే. వెళ్ళి అధికారి పక్కన వెనక కూర్చున్నాను. సంతకం అయ్యేదాకా ఓర్చుకుందామనుకున్నాను.

వదిన బండి చక్కగా తీసింది. మలుపు తిప్పింది, సిగ్నల్ దగ్గర ఆపింది, కదిలింది. ఆసుపత్రి ఎత్తు ఎక్కుతుండగా ముందు వెళ్తున్న బస్సు వేగం తగ్గించింది. వదిన కూడా తగ్గిస్తోంది, తొందరేమీ లేదు, బోలెడంత దూరం ఉంది. అన్నయ్య బూటు మాత్రం దబ్బున లేచి బ్రేకు మీద పడింది. బండి ఒక్క కుదుపు కుదిపి, ఇంజను ఆగిపోయింది. అధికారి తల ముందు సీటుకి తగిలింది.

"అయ్యయ్యో, తప్పయిపోయింది సార్, నా కాలు..." అని వదిన వణికిపోయింది.

"నేను పక్కనున్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే బస్సు కిందికి పోయేవాళ్ళం" అన్నాడు అన్నయ్య.

"వదినా, నీ కాలు కాదు. నువ్వు మెల్లగా నొక్కుతూనే ఉన్నావు. అన్నయ్య తొక్కాడు" అన్నాను.

వదిన తిరిగి అన్నయ్య బూటు వంక చూసింది. అది ఇంకా బ్రేకు మీదే ఉంది. "మీరు తొక్కారా?" అంది.

"తొక్కితే? నీ మంచికేగా!"

అధికారి నుదురు రుద్దుకుంటూ, "పోనీలెండి. పాఠం సంగతెలా ఉన్నా, పక్కన బాధ్యత గల మనిషి ఉన్నాడు. అదీ కావాల్సింది. ఆఫీసుకి పదండి, సంతకం పెట్టేస్తాను" అన్నాడు.

నోరు మూసుకుని కూర్చుంటే సాయంత్రానికి స్కూలు వచ్చేస్తుంది. ఇన్నేళ్ళు నేను కలవరించిన స్కూలు. కాకపోతే అది ఆ బూటు మీద నిలబడిన స్కూలు. ప్రతి ఆడదానికీ నీ కాలికి బుద్ధి లేదని చెప్పే మరో స్కూలు. నేను ఎవరి దగ్గర్నించి బయటపడ్డానో ఆ గురువుగారిని మళ్ళీ నా చేతులతో నేనే తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టినట్టు.

"వద్దు సార్. ఆ దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాం."

అన్నయ్య గిర్రున తిరిగాడు. "తీసుకోవడానికి నువ్వెవరివే? స్కూలు నాది!"

అదిగో, వచ్చింది. ఊరికే పేరుకి అన్న నోటితోనే వచ్చింది.

"నీదే. ఉంచుకో" అన్నాను. "గదీ నీదే, బోర్డూ నీదే, దాని మీద పేరూ నీదే. బండి మాత్రం నాది. దిగు."

"నడిరోడ్డు మీద దిగమంటావా? అన్నని!"

"అన్నవి కాబట్టే నోటితో చెబుతున్నాను. ఇంకెవరైనా అయితే కాలర్ పట్టుకునేదాన్ని. దిగు!"

వెనక బండ్లు హారన్లు మోగిస్తున్నాయి. అన్నయ్య మొహం కందగడ్డలా అయిపోయింది. తలుపు తీసుకుని దిగాడు. దిగి, వంగి, వదినతో, "నువ్వూ దిగు. ఇంటికి పోదాం" అన్నాడు.

వదిన స్టీరింగు వదల్లేదు. వాడి వైపు చూడకుండానే అంది, "మీరు బస్సెక్కి వెళ్ళండి. నాకు క్లాసుంది."

నేను దిగి ముందు సీట్లోకి వచ్చాను. చెప్పులు విడిచి కాళ్ళు మడుచుకున్నాను. "అమ్మా, ఎత్తు మీద ఉన్నాం! కాళ్ళు కింద పెట్టండి!" అని వెనక నుంచి అధికారి కేక పెట్టాడు. వదిన ఇంజను స్టార్ట్ చేసింది. బండి బెత్తెడు కూడా జారలేదు.

ఆఫీసు ముందు అధికారి దిగాడు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంది. "కొత్త దరఖాస్తు పెట్టుకోండి. ఆలస్యమవుతుంది మరి" అన్నాడు ముభావంగా. ఆలస్యం కాకపోతే ఆశ్చర్యపోవాలి. ఎండాకాలం వెళ్ళి వానాకాలం వచ్చింది, అద్దెకి గది దొరక్క కారులోనే ఆఫీసు పెట్టినంత పని చేశాను, చివరికి ఆ నర్సు తన ఇంటి ముందు గది ఇచ్చింది. అనుమతి నా పేరు మీదే వచ్చింది. అన్నయ్య ఇచ్చింది ఇందులో ఎక్కడుందో మీకేమైనా కనిపిస్తే నాకూ చూపించండి.

కానీ నా కోపం ఇంకా చల్లారకపోవడానికి కారణం స్కూలు కాదు. ఆ రోజు అధికారి లోపలికి వెళ్ళిపోయాక వదిన బండి తియ్యలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. ఆవిడ తన పాదాల వంక చూసుకుంటూ కూర్చుంది.

"ఏమైంది వదినా?" అన్నాను.

"పెళ్ళయినప్పట్నించీ నేను మొదలుపెట్టిన ప్రతిదీ మధ్యలోనే ఆగిపోయింది అమ్మాయ్. చదువు, కుట్టు మిషను, ఆ బట్టల కొట్లో ఉద్యోగం... అన్నీ" అంది వదిన. "ఇన్నేళ్ళూ నేనే ఆపేశాననుకున్నాను."