ఊపిరికి మూడు మాటలు

పక్షవాతం వచ్చి వెళ్లిన ఈ పదకొండు నెలల్లో ఈశ్వర హెబ్బారుకు ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. నాలుక మొద్దుబారితే జనం చెవుడనుకుంటారు. కార్కళ బజారులో ప్రతివాడూ ఆయన చెవిలో నోరు పెట్టి అరిచేవాడే. కాస్త మర్యాద తెలిసినవాడైతే ఆయన్ని వదిలేసి, "అన్నకు కాఫీలో చక్కెర వెయ్యొచ్చా గిరిజక్కా?" అని పక్కనున్న భార్యను అడిగేవాడు.

ముప్పయ్యేళ్లు తాళమద్దళెలో మాట మీదే బతికిన మనిషికి ఇంతకంటే నరకం ఏముంటుంది? అదీ యక్షగానమే, కానీ అక్కడ వేషం ఉండదు, చిందు ఉండదు. భాగవతుడు పద్యం పాడగానే చాప మీద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ చెరో పాత్ర తరఫున అప్పటికప్పుడు మాటలల్లి వాదించుకోవాలి. హెబ్బారు ఎదుట కూర్చోవాలంటే ఒకప్పుడు మహామహులే జంకేవారు.

మంగళూరులో మాట సాధన చేయించే రెహనా మేడం ఆయనతోనే నేరుగా చెప్పింది. "మీ బుద్ధికీ భాషకీ ఏం కాలేదు సార్. నాలుకకీ పెదాలకీ బలం తగ్గింది, అంతే. ఊపిరికి మూడు మాటలు. మోకాలి మీద వేలితో తట్టుకుంటూ చెప్పండి. తొందరపెట్టేవాళ్ల మొహం చూడకండి."

వానాకాలం తాళమద్దళె కూటానికి ఆయన్ని పిలిచారు. వాదించడానికి కాదు, శాలువా కప్పి సాగనంపడానికి. కప్పించుకుని వేదిక దిగిపోతే ఇక ఆ చాప మీద తనకు చోటుండదని ఆయనకు తెలుసు. కప్పించుకున్నాడు, దిగలేదు. తిన్నగా వెళ్లి దూత పాత్ర చెప్పేవాడి పక్కన నిలబడ్డాడు. అతను కంగారుగా జరిగి చోటిస్తే, చాప మీద కూర్చున్నాడు.

భాగవతుడు నీళ్లు నమిలాడు. "ఇప్పుడెందుకన్నా, ఒంట్లో బాగాలేనప్పుడు?"

"పద్యం... పాడు," అన్నాడు హెబ్బారు.

ఎదుట రాజు పాత్రలో దూమప్ప శెట్టి. ఏళ్ల తరబడి హెబ్బారుతో ఢీ అంటే ఢీ అన్నవాడు. పద్యం అయింది. హెబ్బారు మోకాలి మీద వేలితో తట్టాడు.

"రాజా... మా ప్రభువు... సంధి..."

తర్వాతి మాట నోట్లోనే ముద్దయిపోయింది. వెనక ఎవరో ఇకిలించారు. ముందు వరసలో కూర్చున్న గిరిజ తల వంచుకుంది. శెట్టికి ప్రాణం ఉసూరుమంది.

"సంధి కోరి నిన్ను పంపాడంటావు, అంతేనా?" అని మాట అందించాడు.

జాలితోనే చేశాడు, కానీ తప్పు చేశాడు. ఎదుటివాడి మాట మనం పూర్తి చేయడమంటే ఆ చాప మీద వాడి గొంతు నొక్కడమే. హెబ్బారుకు ఒళ్లు మండిపోయింది.

"నా సందేశం... నీకు ముందే... తెలిస్తే," ఊపిరి తీసుకున్నాడు, "నేనెందుకు... వచ్చాను రాజా? నా మాట... నా నోటినుంచి... వచ్చేదాకా ఆగు!"

శెట్టి మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం తేరిపార చూసి, తొడ చరిచాడు. ఇప్పుడతని గొంతులో జాలి లేదు.

"ఓహో! ఇంత నత్తనడక నాలుకనా మీ ప్రభువు పంపింది? ఆయన కొలువులో ఇంతకంటే చురుకైనవాడే దొరకలేదా?"

గిరిజ కోపంగా లేచి నిలబడింది. హెబ్బారు కళ్లు మాత్రం చెమర్చాయి. పదకొండు నెలల తర్వాత ఒక మనిషి తనను సాటివాడిలా దెప్పిపొడిచాడు. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. తీరిగ్గా మోకాలి మీద వేలు ఆనించాడు.

"చురుకైనవాళ్లు... చాలామందే ఉన్నారు. వాళ్లంతా... నీకు నచ్చే... మాటలే చెప్పారు. నాకు ఒక్కో మాటా... ఒక యుద్ధం. అబద్ధానికి... ఖర్చుపెట్టే ఊపిరి... నా దగ్గర లేదు."

ఈసారి మాట కోసం తడుముకున్నది దూమప్ప శెట్టి.