పొయ్యి దగ్గర మూడు వారాలు

మేవిస్ ఆగ్డెన్ పుట్టగొడుగులు తుడుస్తోంది. ఒక్కొక్కదాన్నీ ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, పొడిగుడ్డతో నెత్తిమీది మట్టి తీసి, కాడ చివర గోరంత కోసి పళ్లెంలో పడేస్తోంది. కడిగితే నీళ్లు పీల్చుకుని పెనంలో వేగవు, ఉడుకుతాయి. పక్కన సన్నని సెగ మీద పన్నెండు సాసేజులు పడుకుని ఉన్నాయి. వాటిని చల్లటి పెనంలో పెట్టాకే మంట వెలిగించాలి. ఆ తర్వాత నలభై నిమిషాలు వాటి జోలికి పోకూడదు. కిటికీ అవతల, ఇంగ్లండు తీరపు ఊరు ఫైలీ సముద్రం ఇంకా బూడిదరంగులోనే ఉంది. టైము ఆరున్నర.

మేవిస్ పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. బరువైన పెనాలు ఎత్తీ ఎత్తీ కుడిభుజం కాస్త కిందికి జారింది. మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు, కొన్ని పాతబడి తెల్లగా, కొన్ని ఇంకా ఎర్రగా. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. అందులో ఇరవై ఎనిమిదేళ్లు ఈ అతిథిగృహం వంటింట్లోనే గడిచాయి. తను మాత్రం ఆ వేపుళ్లేవీ ముట్టదు. అందరూ తిన్నాక, నిలబడే, ఒక టోస్టు ముక్క మీద నారింజ మార్మలేడ్ రాసుకుని తింటుంది.

భర్త క్లిఫర్డ్ స్కార్బరో బస్సు నడిపేవాడు. ఆమె ఇక్కడ చేరిన తొమ్మిదో ఏట ఛాతీ జబ్బుతో పోయాడు. అంత్యక్రియలయిన మర్నాడే ఆమె పొయ్యి దగ్గరికి వచ్చేసింది. యజమానురాలు మిసెస్ థాక్రే ఆ రోజు ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, మూడో గదివాళ్లకి ఉడికించిన గుడ్లు కావాలట అని చెప్పి వెళ్లిపోయింది. అలా మామూలుగా ఉండనిచ్చినందుకు మేవిస్ ఆమెకి రుణపడిపోయింది. ఆ క్రిస్మస్‌కి మాత్రం, షెర్రీ వైను గ్లాసు చేత్తో పట్టుకుని, ఇంతకాలం ఉన్నావు, ఇక ఈ పొయ్యి నీదే మేవిస్ అంది మిసెస్ థాక్రే. ఆ మాట మళ్లీ ఎప్పుడూ వాళ్ల మధ్యకి రాలేదు. రావలసిన అవసరమూ మేవిస్‌కి కనిపించలేదు.

ఏడు కావస్తుండగా రోండా కెస్లర్ వంటింట్లోకి వచ్చింది. తడిజుట్టు, చెప్పుల్లేకుండా మేజోళ్లతో, చేతిలో నోటుపుస్తకం. ఒహాయో నుంచి భర్త డ్వైట్‌తో వచ్చి మూడు వారాలుగా పై అంతస్తు గదిలో ఉంటోంది.

"పొద్దున్నే నవ్వుతావా మేవిస్, తొమ్మిది దాటాలా?" అంది.

"సీజన్ అయ్యాక నవ్వుతాను."

రోండా పకపకా నవ్వి ఏప్రన్ కట్టుకుంది. మొదటిరోజే ఆమె మిసెస్ ఆగ్డెన్ అనకుండా మేవిస్ అనేసింది. రెండోరోజుకి మిసెస్ థాక్రేని కూడా ఈనిడ్ అని పిలిచింది. ఇరవై ఎనిమిదేళ్లలో మేవిస్ నోట ఆ పేరు ఒక్కసారీ రాలేదు.

అమెరికా ఆవిడ వంట చూస్తానంటోంది, సరదా పడుతోంది, కాస్త చూపించు అని మిసెస్ థాక్రే చెప్పినప్పుడు మేవిస్‌కి మనస్కరించలేదు. తన వంటింట్లో పరాయి మనిషా అనుకుంది. కానీ వారం తిరిగేసరికి తనంతట తనే పిలిచి చూపించడం మొదలుపెట్టింది. టమాటాల కోసిన వైపు చిటికెడు పంచదార ఎందుకు, రొట్టెని బేకన్ కొవ్వులో ఎప్పుడు వేయించాలి, పళ్లేలు ఓవెన్‌లో ఎంత వేడెక్కాలి — ఇవన్నీ చెప్పింది. ఈ ఇంట్లో వేలమంది తిన్నారు, ఎలా చేశావని అడిగినవాళ్లు లేరు. రోండా అడిగింది. అడిగి రాసుకుంది.

వాళ్లిద్దరికీ రోజూ ఏదో ఒక పేచీ ఉండేది. వేడి టోస్టుని చట్రంలో నిలబెట్టి మరీ చల్లారబెడతారు, ఈ చలిదేశంలో ఇదేం పని అని రోండా దెప్పేది. మెత్తబడకూడదు అని మేవిస్ చెప్పేది. మెత్తబడితే ఏమవుతుంది అంటే, అమెరికా అవుతుంది అనేది. మీరు బేకన్‌ని మాడ్చి దానిమీద పాకం పోసుకుంటారు, అది ఫలహారమో పుట్టినరోజో తెలీదు అని అంటించేది. పొద్దున్నే బీన్సు తినే జాతి నన్ను వెక్కిరిస్తోంది చూడు డ్వైట్ అని రోండా మెట్లకేసి అరిచేది.

రెండో వారంలో ఒకరోజు, రోండా ఆమె చెయ్యి పట్టుకుని, సెప్టెంబరులో మా ఇంటికి రావాలి నువ్వు, నీకు నేను పాన్‌కేకులు వేసి పెట్టాలి, పెరట్లో కూర్చోబెట్టాలి అంది. ఒకసారి భోజనానికి రండి అని ఫైలీలో ఎవరైనా అంటే మేవిస్ సరేనని మరిచిపోయేది. ఆ మాటకి రావద్దనే అర్థమని చిన్నప్పుడే తెలుసు. కానీ వీళ్లు వేరు. గుడ్డు చల్లారిపోయింది అని మొహం మీదే చెప్పే మనుషులు. అలా ఉన్నదున్నట్టు మాట్లాడేవాళ్లు రమ్మన్నారంటే రమ్మన్నట్టే. మేవిస్ పోస్టాఫీసులో పాస్‌పోర్టు ఫారం తీసుకుంది. ఈ మనిషిని నేను రెండేళ్లకు పైగా ఎరుగుదును అని ఎవరైనా పెద్దమనిషి సంతకం పెట్టాలని అందులో ఉంది. ఎవరిని అడగాలా అని ఆమె ఆలోచించనక్కర్లేకపోయింది, మిసెస్ థాక్రే ఉండనే ఉంది. ఫారం ఈవేళ సంచిలో తెచ్చుకుంది కూడా.

ఎనిమిదిన్నరకి భోజనాల గది నిండింది. అక్కడ అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. వెన్న ఇటివ్వమనడం కూడా గుసగుసే. డ్వైట్ ఒక్కడే కప్పు పట్టుకుని బల్ల నుంచి బల్లకి తిరుగుతూ అందరినీ పలకరిస్తాడు. మేవిస్ టోస్టు తీసుకుని లోపలికి వెళ్లేసరికి కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడ బికర్‌స్టాఫ్ దంపతులు. పదిహేనేళ్లుగా జూన్ మొదటివారం ఈ బల్ల వాళ్లదే.

"వచ్చే ఏడాది కూడా మీ గది మీదే. ఇల్లు మా చేతికి వచ్చినా ఏమీ మార్చం," అంటున్నాడు డ్వైట్. "ఫలహారం అచ్చం ఇదే. రోండా చేస్తుంది. మూడు వారాల నుంచి అదే పని మీద ఉంది మా ఆవిడ."

బికర్‌స్టాఫ్ తన గుడ్డుకేసి చూసుకున్నాడు. అతని భార్య తలెత్తి మేవిస్‌ని చూసి, చప్పున సముద్రం వైపు తిరిగింది. గది చివర మిసెస్ థాక్రే చెంచాలు సర్దుతోంది. సర్దినవే మళ్లీ సర్దుతోంది.

"తెల్ల రొట్టెదా, గోధుమదా?" అంది మేవిస్.

"గోధుమది. మీకు శ్రమ లేకపోతే," అంది మిసెస్ బికర్‌స్టాఫ్, సముద్రాన్నే చూస్తూ.

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి రోండా టమాటాలు తిరగేస్తోంది. కోసిన వైపు సరిగ్గా ఎర్రబడ్డాయి. మేవిస్ ఖాళీ పళ్లెం బల్ల మీద పెట్టింది.

"ఇల్లు కొన్నారా?"

"అక్టోబరు ఒకటి నుంచి మాది," రోండా మొహం వెలిగిపోయింది. "నువ్వు ఆ ఊసే ఎత్తకపోతే, ఇంగ్లీషువాళ్లు ఇంతే కాబోలనుకున్నా. ఈనిడ్ నీకు ఈస్టర్‌కే చెప్పానంది. చెప్పింది కదా?"

మేవిస్ పొయ్యి మంట తగ్గించింది. ఒక అతిథి ముందు మిసెస్ థాక్రేని అబద్ధాలకోరుని చెయ్యడం ఆమెకి చేతకాలేదు.

"చెప్పారు," అంది. "మరి ఒహాయోలో మీ ఇల్లు?"

"అది ఫిబ్రవరిలోనే అమ్మేశాం."

"సెప్టెంబరులో రమ్మన్నారు నన్ను."

రోండా చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "అయ్యో మేవిస్. అది... అలా అంటాం కదా. నువ్వంటే ఇష్టమై అన్నాను. ఆ ఇష్టం మాత్రం నిజం." తర్వాత, ఉన్నదున్నట్టే, వారానికి రెండు రోజులు వస్తావా, నాకూ సెలవులు కావాలిగా అని అడిగింది.

పదిన్నరకి బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. రోండా నోటుపుస్తకం తీసుకుని పైకి వెళ్లింది. అప్పుడు మిసెస్ థాక్రే వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. ఈవేళ ఉన్ని కార్డిగన్ బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంది.

"కూర్చో, టీ పెడతాను," అంది.

మేవిస్ తన ఎత్తుపీట మీద కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె మేవిస్‌కి టీ పెట్టడం అదే మొదలు. టీ డబ్బా కోసం ఒక అలమర తెరిచింది, మూసింది. ఇంకొకటి తెరిచింది. ఎక్కడుందో మేవిస్ చెప్పలేదు.

"ఎప్పుడు చెబుదామనుకున్నారు?"

"సీజన్ అయ్యాక. మధ్యలో నిన్ను కలవరపెట్టడం ఎందుకని."

"మధ్యలో వెళ్లిపోతాననుకున్నారు."

మిసెస్ థాక్రేకి మూడో అలమరలో డబ్బా దొరికింది. మూత తీసి లోపలికి చూస్తూ ఉండిపోయింది.

"అదీ ఉంది," అంది. "నా మోకాళ్లు చూస్తూనే ఉన్నావుగా. ఇంకొక చలికాలం ఈ మెట్లు ఎక్కలేను. వాళ్లు మార్చిలో ఒక రాత్రి ఉండి వెళ్లారు, నీకు గుర్తుండదు. పొద్దున్న తిన్నారు. తిన్నాకే బేరం మాట్లాడారు. ఈ ఫలహారం పోకూడదన్నారు, వంట మాత్రం రోండాయే చేస్తానంది. అందుకే ముందు నేర్పించాలన్నారు. నీ చేతి వంట చూసే కొన్నారు మేవిస్. అది నీకు గొప్ప కదా."

మేవిస్ లేచి సాసేజుల పెనం తీసుకుంది. వేడినీళ్లతో రుద్ది, గుడ్డతో తుడిచి, చెంచాడు నూనె పోసి అడుగంతా పట్టించింది. రెండో పెనానికీ అలాగే చేసింది. పళ్లేలు పరిమాణం వారీగా పేర్చింది. పొయ్యి అంచు తుడిచి, మంట తిప్పే మరలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఆమె వెనక మిసెస్ థాక్రే పోసిన టీ బల్ల మీద ఉంది. పాలు ఎక్కువై పాలిపోయింది.

రేపు తొమ్మిది మందట, ఇద్దరు మాంసం తినరట అని మిసెస్ థాక్రే చెప్పింది. మళ్లీ తనే, "వస్తావుగా?" అంది.

మేవిస్ ఏప్రన్ విప్పి మాసిన గుడ్డల బుట్టలో వేసింది. కోటు తొడుక్కుని, కింది బొత్తం నుంచి పైదాకా నెమ్మదిగా పెట్టుకుంది. సంచి భుజానికి తగిలించుకుంది. వంటింటి వెనక తలుపు వైపు కాకుండా భోజనాల గదిలోంచి, అతిథులు వెళ్లే ముందుతలుపు తీసుకుని వెళ్లిపోయింది.

పొయ్యి పక్క ఎత్తుపీట మీద, పాత కర్టెన్ గుడ్డతో ఆమె కుట్టుకున్న దిండు ఉండిపోయింది. ఆమె కూర్చున్న చోట నడిమధ్య పడిన గుంట ఇంకా పైకి లేవలేదు.